బండి నాన్న పేరున, స్టీరింగ్ కొడుకు చేతిలో

హ్యుందాయ్ ఐ20 ఎన్‌లైన్‌లో ఉండేది 998 సీసీ టర్బో ఇంజిన్. పవర్ 120 పీఎస్. మారుతి ఆల్టో కె10లోనూ 998 సీసీయే, పవర్ మాత్రం 70 పీఎస్ కూడా లేదు. ఒకటి కాలు పెడితే దూకే బండి, ఇంకొకటి టీచరుగారు స్కూలుకీ మార్కెట్‌కీ తిప్పుకునే బండి. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన కేంద్ర ప్రభుత్వ పట్టికలో రెండింటికీ ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే బీమా, ఒక్కటే, 2,094 రూపాయలు. ఇంజిన్ 1000 సీసీ దాటకపోతే చాలు, పట్టిక ఇంకేమీ అడగదు. పైకి వెళ్లినా ఇదే తంతు. ఐదు లీటర్ల వి8 ఇంజిన్ ఉన్న ఫోర్డ్ మస్టాంగ్‌కీ, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నెల్లూరు నుంచి తిరుమల బయల్దేరే డీజిల్ ఇన్నోవా క్రిస్టాకీ 1500 సీసీ పైబడిన శ్లాబే వర్తిస్తుంది. 7,897 రూపాయలు.

నడిపేవాడి వయసు సంగతి సరేసరి. 19 ఏళ్ల కుర్రాడైనా, 59 ఏళ్ల హెడ్మాస్టరైనా పట్టికకి ఒకటే. కుర్రాళ్లున్న ఇళ్లలో దీన్ని అదృష్టంగా చూస్తారు. నాకు అలా అనిపించదు. కుర్రాడి రిస్కు ప్రీమియంలో కనపడనంత మాత్రాన మాయమైపోదు. పాలసీ కాగితంలో ఎవరూ చదవని పేజీలోకి వెళ్లి కూర్చుంటుంది.

అమెరికాలో పిల్లలున్న వాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. మన నెల్లూరు, ఒంగోలు నుంచి ఎంఎస్‌కి వెళ్లినవాళ్లు ఉద్యోగం రాగానే మొదట చూసేది మస్టాంగో డాడ్జ్ చార్జరో. సెకండ్ హ్యాండ్‌లో ధర అందుబాటులోనే ఉంటుంది. ఇన్సూరెన్స్ కొటేషన్ తీసుకున్నాక గానీ అసలు విషయం అర్థం కాదు. వయసు పాతికలోపు, లైసెన్సు కొత్తది, అక్కడి డ్రైవింగ్ చరిత్ర ఖాళీ, చాలా రాష్ట్రాల్లో చూసే క్రెడిట్ చరిత్రా ఖాళీయే, కొనేది స్పోర్ట్స్ కారు. ఒక్కోదానికి ఒక్కో వడ్డన. ఫుల్ కవరేజ్ తీసుకుంటే నెల ప్రీమియం కొన్నిసార్లు కారు ఈఎంఐతో పోటీ పడుతుంది. అందుకే చాలామంది ఎదుటివాళ్ల నష్టానికే ఇచ్చే లయబిలిటీతో సరిపెట్టుకుంటారు. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీసం ఒక మనిషికి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదానికి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. తన కారు తుక్కయితే మాత్రం తనే చూసుకోవాలి.

అమెరికా అంతా ఒకే పద్ధతి కూడా కాదు. కాలిఫోర్నియాలో 1988 నాటి ప్రజాభిప్రాయ చట్టం ప్రకారం డ్రైవింగ్ రికార్డు, తిరిగే మైళ్లు, నడిపిన అనుభవం ముందు చూడాలి. హవాయిలో వయసుని బట్టి ప్రీమియం వేయడమే కుదరదు. బ్రిటన్‌లో కార్లని 1 నుంచి 50 వరకూ గ్రూపులు చేశారు. కుర్రాడు పై గ్రూపు కారు కొంటే ప్రీమియం చూసి కళ్లు తిరుగుతాయి. అది తప్పించుకోవడానికి తండ్రే ముఖ్య డ్రైవరని రాయించి కొడుకు నడిపితే దాన్ని అక్కడ మోసంగా చూస్తారు. పాలసీ రద్దవుతుంది, క్లెయిమ్ పోతుంది, కేసూ పడొచ్చు.

బ్రిటన్‌లో నేరమైన ఆ పని మన దగ్గర మామూలు వ్యవహారం. బైపాస్ మీద ఏ షోరూముకి వెళ్లినా వినపడే మాటలివే.

"బండి ఎవరి పేరున సార్?"

"నాన్న పేరునే పెట్టండన్నా. పాత కారు నో క్లెయిమ్ బోనస్ ఉంది."

ఆ లెక్కలో తప్పేమీ లేదు. నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, యజమానిది. క్లెయిమ్ లేకుండా వరుసగా ఐదేళ్లు గడిస్తే ఓన్ డ్యామేజ్ (సొంత కారుకి జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. తండ్రి తన పాత డిజైర్ అమ్మేసి, ఆ బోనస్‌ని కొత్త కారుకి తెచ్చుకోవచ్చు. ఇరవై ఏళ్లు జాగ్రత్తగా నడిపిన తండ్రి సంపాదించిన రాయితీతో నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్న కొడుకు టర్బో బండి నడుపుతాడు. లైసెన్సున్న కొడుకు తండ్రి కారు నడపడం మన చట్టం ప్రకారం తప్పు కాదు. కారు డ్యామేజీ అయినా, ఎదుటివాడికి దెబ్బ తగిలినా, తాగి ఉండకపోతే, లైసెన్సు సరిగ్గా ఉంటే పాలసీ పలుకుతుంది.

చిక్కంతా కొడుక్కే ఏదైనా జరిగితే.

పాలసీలో కంపల్సరీ పర్సనల్ యాక్సిడెంట్ అని ఒక గడి ఉంటుంది. 15 లక్షలు. ఏజెంటు దాన్ని చూపించి "ప్రాణానికి కూడా కవర్ ఉంది సార్" అంటాడు. ఆయన చెప్పేది అబద్ధం కాదు, కానీ ఆ గడి పేరు ఓనర్-డ్రైవర్. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లకే ఆ 15 లక్షలు, వాళ్లకి లైసెన్సుంటేనే. ఆర్సీ తండ్రిది, స్టీరింగ్ పట్టింది కొడుకు అయితే ఆ కవర్ కొడుక్కి రాదు. చీమకుర్తి గ్రానైట్ వ్యాపారంలోనో, నెల్లూరు తీరంలో రొయ్యల వ్యాపారంలోనో ఉన్న కుటుంబాల్లో ఇంకో అలవాటు ఉంది. పన్నులో కలిసొస్తుందని ఆడిటర్ చెప్తే కారుని కంపెనీ పేరున కొంటారు. కంపెనీకి ప్రాణం ఉండదు కాబట్టి ఆ పాలసీలో ఓనర్-డ్రైవర్ కవర్ అనేదే ఉండదు. ఇంటిల్లిపాదీ ఎక్కే ఖరీదైన బండికి ఆ గడి ఖాళీ.

మరి థర్డ్ పార్టీ కింద కుటుంబం కేసు వేసుకోవచ్చు కదా? అక్కడా దారి మూసుకుపోయింది. ఇంకొకరి బండి తీసుకుని నడిపేవాడు యజమాని స్థానంలోకి వస్తాడు, యజమాని తనకి తాను థర్డ్ పార్టీ కాలేడు అని నింగమ్మ కేసులో 2009లోనే సుప్రీంకోర్టు తేల్చింది. 2025 జూలైలో కర్ణాటక నుంచి వచ్చిన కేసులోనూ ఇదే దారిలో నడిచింది. 2014లో అరసికెరె దారిలో వేగంగా, నిర్లక్ష్యంగా నడిపిన కారు బోల్తా పడి నడిపిన వ్యక్తి చనిపోయాడు. కారు అతనిది కాదు. కుటుంబం 80 లక్షలు అడిగింది. ట్రిబ్యునల్ కాదంది, హైకోర్టు కాదంది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అప్పట్లో మన ఛానెళ్లలో "స్పీడుగా వెళ్తే ఇన్సూరెన్స్ రాదు" అని స్క్రోలింగ్ వేశారు. అది సగం మాటే. ఎదుటి బండిలో వాళ్లకి, రోడ్డు మీద నడిచేవాళ్లకి ఇవ్వాల్సింది కంపెనీ ఇస్తూనే ఉంటుంది. ఏమీ రానిది, తన తప్పుతో తానే పోయిన డ్రైవర్ కుటుంబానికి. పక్కన కూర్చున్న స్నేహితుల సంగతి మధ్యస్థం: సొంత కారు నష్టం కూడా కలిసిన కాంప్రహెన్సివ్ ఉంటే కవర్ ఉంటుంది, ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే వాళ్ల ఇళ్లవాళ్లకీ తిప్పలే.

దీనికి విరుగుడు పెద్ద ఖర్చేం కాదు. కొడుకు పేరున విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకుంటే అతను ఎవరి బండి నడిపినా, బైకెక్కినా పనిచేస్తుంది. 20 లక్షల కారు కొన్న ఇంట్లో ఏడాదికి కొద్ది వేల ఖర్చు లెక్కలోకి రాదు. అయినా షోరూములో ఈ ఒక్క మాట చెప్పరు. అల్లాయ్ వీల్స్ గురించి, సిరామిక్ కోటింగ్ గురించి అరగంట చెప్తారు.

ఇక ఓన్ డ్యామేజ్. 2007 జనవరి నుంచి ఈ భాగంలో కంపెనీలకి ధరల స్వేచ్ఛ ఉంది. ఆధారం మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పాత టారిఫ్ పుస్తకమే: కారు విలువ, సీసీ, ఎన్నేళ్లది, ఏ జోన్. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ లాంటి ఎనిమిది నగరాలు 'ఎ' జోన్, నెల్లూరు, ఒంగోలు 'బి' జోన్. 1500 సీసీ దాటిన, ఐదేళ్లలోపు కారుకి బి జోన్‌లో టారిఫ్ రేటు విలువ మీద 3.343 శాతం. 50 లక్షల విలువున్న కారుకి డిస్కౌంట్లు తీయకముందు లక్షా 67 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. స్పోర్ట్స్ కారు కొనేవాడికి ఇన్సూరెన్స్ భారం అనిపించేది ఇక్కడే, అదీ వయసు వల్ల కాదు, కారు ఖరీదు వల్ల.

కొత్తది కొనలేని కుర్రాళ్లు చెన్నై దారి పడతారు. ఒకప్పుడు 50 లక్షలున్న జర్మన్ కారు ఏడెనిమిదేళ్ల తర్వాత పదిహేను లక్షలకి దొరుకుతుంది. విలువ తగ్గింది కాబట్టి ప్రీమియమూ తగ్గుతుంది. బేరం కుదిరినట్టే ఉంటుంది, గీత పడేవరకూ. స్పేర్ పార్టుల ధర తగ్గలేదు కదా. ఒక్క హెడ్‌లైట్ లక్ష దాటే కార్లున్నాయి. ఐదేళ్లు దాటిన బండికి జీరో డిప్రిసియేషన్ (పార్టుల అరుగుదల కింద కోత వేయని కవర్) ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకి సగమే ఇస్తారు. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే కారుని టోటల్ లాస్‌గా తేల్చేస్తారు. విలువ 15 లక్షలు, ఎయిర్‌బ్యాగులు పేలి ముందు భాగం నలిగితే ఎస్టిమేట్ ఆ గీత దాటడానికి ఎంతసేపు? మెకానిక్ బాగు చేయగలిగిన కారు కూడా కాగితం మీద తుక్కవుతుంది.

అందులోనూ ఆర్సీ పాత ఓనరు పేరునే ఉంచి, తమిళనాడు నంబరు ప్లేటుతోనే నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో తిప్పే వాళ్లుంటారు. ఇక్కడ లైఫ్ టాక్స్ ఎగ్గొట్టినట్టు ఉంటుంది. కొన్న 14 రోజుల్లో పాలసీని తన పేరుకి మార్చమని అడగాలి. మార్చకపోతే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ నిలవదు. పాలసీ పాత ఓనరుది, అతనికి కారే లేదు. కారు కుర్రాడిది, అతనికి పాలసీ లేదు. పవర్ పెంచడానికి ఇంజిన్ రీమ్యాప్ చేయించి, సైలెన్సర్ మార్చి కంపెనీకి చెప్పకపోతే గొడవకి ఇంకో కారణం ఇచ్చినట్టే.

మన జిల్లాల్లో నీళ్ల సంగతి కూడా చూడాలి. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద జాతీయ రహదారే కోసుకుపోయింది. తుపాను మన తీరానికి చుట్టమే. స్పోర్ట్స్ కారు నేలకి ఆనుకుని ఉంటుంది, గాలి పీల్చే గొట్టమూ కిందికే ఉంటుంది. నీళ్లలో ఆగిపోయిన ఇంజిన్‌ని కంగారులో మళ్లీ స్టార్ట్ చేస్తే లోపలికి వెళ్లిన నీటికి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు పాలసీలో దీన్ని ప్రమాదం కింద లెక్కవేయరు, తర్వాత చేసిన పని వల్ల జరిగిన నష్టం అంటారు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉంటేనే డబ్బులొచ్చేది. రోడ్ సైడ్ అసిస్టెన్స్ కంటే ముందు టిక్ పెట్టాల్సిన గడి అదే.

అయితే మన దగ్గర కూడా వయసుని బట్టి ప్రీమియం పెంచాలా? దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్కలో వారిలో 66.5 శాతం 18 నుంచి 45 ఏళ్లలోపు వాళ్లు. 71.2 శాతం మరణాలకి కారణం అతివేగం. ఇవి చూపించి కుర్రాళ్ల మీద వడ్డించమనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. బుద్ధిగా నడిపే ఇరవై ఏళ్ల వాడు కావలి నుంచి సింగరాయకొండ దాకా లారీల మధ్య కట్లు కొట్టే ఇంకొకడి జరిమానా ఎందుకు కట్టాలి? పైగా అది ఇక్కడ పనిచేయదు. బండిని నాన్న పేరున, నాన్నకి వయసైతే అమ్మ పేరున, అదీ కాకపోతే కంపెనీ పేరున పెడతారు. పాలసీలో నడిపేవాడి పేరు రాసే పద్ధతే లేనప్పుడు వయసు ఎవరిదని లెక్కవేస్తారు?

నడిపే తీరుకి ధర కట్టడం న్యాయం. 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్డీఏఐ అనుమతించిన "పే హౌ యు డ్రైవ్" పద్ధతి అదే. కారులో పరికరమో ఫోన్‌లో యాపో వేగం, బ్రేకులు, తిరిగే వేళలు గమనిస్తాయి. ఆర్సీలో పేరు తండ్రిదైనా, అర్ధరాత్రి హైవే మీద 150లో వెళ్లింది పట్టుబడుతుంది. కొడుకు ఎక్కడ తిరుగుతున్నాడో కంపెనీకి తెలిసిపోతుందన్న అభ్యంతరం ఉంటుంది, అది కొట్టిపారేయలేనిది. కానీ ఇది ఓన్ డ్యామేజ్‌కే పరిమితం. ఎదుటివాళ్ల ప్రాణానికి సంబంధించిన థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వ పట్టికలోనే ఉంది, ఆ పట్టిక సీసీ దగ్గరే ఆగిపోయింది.

విచిత్రం ఏమిటంటే, అదే పట్టికలో ఎలక్ట్రిక్ కార్లకి సీసీ ఉండదు కాబట్టి కిలోవాట్ల లెక్క పెట్టారు. 65 కిలోవాట్లు దాటితే 6,712 రూపాయలు. 7,897లో ఎలక్ట్రిక్ బండికిచ్చే 15 శాతం రాయితీ తీసేస్తే వచ్చేది సరిగ్గా ఇదే. అంటే 65 కిలోవాట్ల పవర్ 1500 సీసీ ఇంజిన్‌తో సమానమని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఐ20 ఎన్‌లైన్ పవర్ 88 కిలోవాట్లు. ఆ కొలతే పెట్రోలు కార్లకీ పెడితే దాని శ్లాబు 2,094 కాదు, 7,897. మామూలు క్రెటా లాంటి ఇంటి బండ్లు కూడా ఆ గీత దాటతాయి కాబట్టి శ్లాబులు తిరగరాయాలి, గీతని ఇంకాస్త పైకి జరపాలి. తర్వాతి సవరణ నోటిఫికేషన్ తెచ్చేటప్పుడు రవాణా శాఖ చేయగల పనే ఇది.