రబ్బీ గారూ, చిన్న విషయాలు మాకు వదిలేయండి

నీతి అనేది ఎత్తులో ఉండాలని నా దృఢాభిప్రాయం. హత్య చేయరాదు, దొంగతనం చేయరాదు, అబద్ధపు సాక్ష్యం చెప్పరాదు... ఇలాంటివన్న మాట. వీటిని నేను పుట్టినప్పటి నుంచీ పెద్దగా కష్టపడకుండానే పాటిస్తున్నాను. ఇంతవరకు ఒక్కర్ని కూడా చంపలేదు. యూదులకు పది ఆజ్ఞలు సీనాయి కొండ మీద అందాయంటే నాకెంతో గౌరవం. నీతికి తగిన చోటు కొండే. అది పైన ఉంటుంది, మనం కింద ఉంటాం, పండగ రోజుల్లో తలెత్తి ఓ దండం పెట్టుకుంటాం. ఎవరికీ ఇబ్బంది లేదు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! తర్వాత వచ్చిన రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఊరుకోలేదు. ఆ నీతిని చెయ్యి పట్టుకుని కొండ దింపి, బజారుకి నడిపించి, సరిగ్గా కొట్టు ముందు నిలబెట్టారు. ఈ అన్యాయాన్ని పాఠకుల దృష్టికి తేవడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

సుమారు 1,800 ఏళ్ల కిందట కూర్చిన మిష్నా అనే యూదు ధర్మశాస్త్ర గ్రంథంలో ఒక రూలుంది. కొనే ఉద్దేశం లేకుండా 'ఇదెంత?' అని అడగకూడదట. సరుకులో మోసం ఉన్నట్టే మాటలోనూ మోసం ఉంటుందట, కొట్టువాడికి లేనిపోని ఆశ పెట్టడం ఆ రెండో రకం మోసమట. సరే, అడిగినవాడు నిజంగా కొనాలనే వచ్చాడా, ఊరికే వచ్చాడా అన్నది ఎవరు తేల్చాలి? ఆ మిష్నా మీద రబ్బీల చర్చలతో తయారైన తాల్ముద్‌లో దీనికి జవాబుంది. అది మనసుకు అప్పగించిన సంగతి, అడిగినవాడికే తెలుస్తుంది, అందుకే 'నీ దేవునికి భయపడు' అని రాశారు అంటుంది. ఇదేం పద్ధతి? సాక్షి లేడు, కోర్టు లేదు, వాయిదా లేదు. వాయిదా కూడా అడగలేని కేసులో మనిషి ఎలా బతికి బయటపడతాడు?

ఈ ప్రమాదం ఎక్కడో జెరూసలేంలో ఉందిలే అని తెలుగువాళ్లు నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే యూదు సమాజం ఉంది, వాళ్ల ఇంటి భాష తెలుగే. అంటే ఈ రూలు ఇప్పటికే గుంటూరు బట్టల కొట్లకు బస్సు దూరంలోకి వచ్చేసింది. కొట్టు కట్టేసే వేళ నలభై చీరలు దింపించి, కొంగులు విప్పించి, మంచినీళ్లు తెప్పించుకుని, 'రేపు మా ఆడపడుచుని తీసుకొస్తాం' అని లేచి వచ్చే మన ఘన సంప్రదాయం ఏమైపోవాలి?

మాటల దగ్గరికి వస్తే పరిస్థితి మరీ ఘోరం. లషోన్ హరా అని ఒకటుంది, పరోక్షంలో ఒకరి చెడు చెప్పడం. చాడీలు తప్పని మనమూ అంటాం, అందులో వింతేం లేదు. కానీ మనకు ఒక రక్షణ కవచం ఉంది: 'నేనేమన్నా అబద్ధం చెప్పానా? ఉన్నదే కదా అన్నాను!' రబ్బీలు ఆ కవచాన్ని లాగేసుకున్నారు. అబద్ధమైతే అది ఇంకా పెద్ద నేరం, దానికి వేరే పేరుంది. నిజం చెబితేనే అది లషోన్ హరా! చెప్పినవాడిని, విన్నవాడిని, ఎవరి గురించి చెప్పారో వాడిని, ముగ్గురినీ అది చంపుతుందని తాల్ముద్ మాట. విన్నవాడు ఏం చేశాడండీ? మర్యాదకి 'ఆహా, తర్వాత?' అన్నాడు. అంతేగా?

12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడిస్ ఇంకా లోతుకు వెళ్లాడు. ఈయన వృత్తిరీత్యా వైద్యుడు కూడా, రోగం ఎక్కడుందో పట్టడం అలవాటైపోయినట్టుంది. అసలు చెడుమాటే కాదు, దాని ధూళి కూడా తప్పేనని లెక్క తేల్చాడు. ధూళి అంటే ఏమిటి? 'ఆయన ఇంతటివాడవుతాడని ఎవరనుకున్నారు!' అనడం ధూళి. 'వాడి సంగతి ఎత్తకండి, ఏం జరిగిందో నేను చెప్పదలచుకోలేదు' అనడం కూడా ధూళే. చూశారా దారుణం? నోరు విప్పకుండా, ఒక్క నిట్టూర్పుతో మనిషి పరువు తీయడం అనేది తరతరాలుగా సాధన చేసి సంపాదించుకున్న విద్య. 'నాకెందుకులే' అని మొదలుపెట్టి గంటసేపు చెప్పగల పెద్దలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్ల కళను ఒక్క వాక్యంతో నిషేధించేశాడు. పైగా ఒకడిని వాడి శత్రువుల ముందు పొగడకూడదట. పొగిడితే వాళ్లు తిట్టడం మొదలుపెడతారట. తిట్టకూడదు, పొగడకూడదు, నిట్టూర్చకూడదు. ఇక పెళ్లి భోజనాల దగ్గర పక్కవాడితో ఏం మాట్లాడాలి? వర్షాల గురించా?

1873లో లిథువేనియా వైపు రాదిన్ అనే చిన్న ఊరి నుంచి ఇజ్రాయెల్ మేయిర్ కగాన్ అనే రబ్బీ ఈ ఒక్క విషయం మీదే ఒక పుస్తకం అచ్చువేయించాడు. ఒక్క చాడీతో 17 నిషేధాలు, 14 విధులు ఉల్లంఘించే ప్రమాదం ఉందని లెక్కగట్టాడు. అందులో ఒక మినహాయింపు ఉందని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరికైనా నష్టం జరగబోతుంటే, ఉదాహరణకు సంబంధం కలుపుకోబోతున్నా, వ్యాపారంలో వాటా పెట్టబోతున్నా, ఉన్నది చెప్పవచ్చు. ఇంకేం, మనం మాట్లాడేదంతా లోకహితం కోసమే కదా! తర్వాత షరతులు చదివాను. విషయం రూఢిగా తెలిసి ఉండాలి. ఉన్నదానికి ఒక్క ముక్క కలపకూడదు. చెప్పకుండా పని జరిగే దారి ఏదైనా ఉంటే ఆ దారే పట్టాలి. చెప్పేటప్పుడు మనసులో కసి ఉండకూడదు. ఆ చివరి షరతు దగ్గర పుస్తకం మూసేశాను. కసి లేనప్పుడు అంత శ్రమ పడి ఒకరి గురించి ఎవరు చెబుతారండీ?

ఇదే లిథువేనియా వైపు 19వ శతాబ్దంలో రబ్బీ ఇజ్రాయెల్ సలాంతర్ ముసార్ అనే ఉద్యమం లేవదీశాడు. శాస్త్రం చదివితే చాలదు, గుణం మారాలి అన్నది ఆయన పట్టు. ఇందులో నాకు అభ్యంతరం లేదు, ఇతరుల గుణం మారాలనే నేనూ కోరుకుంటాను. కానీ ఆయన గురించి చెప్పుకునే కథలు వింటే ఈయన భక్తికే ఎసరు పెట్టాడని అర్థమవుతుంది. భోజనానికి ముందు విధిగా చేతులు కడుక్కోవాలి, ఎన్ని నీళ్లు పోసుకుంటే అంత నిష్ఠ. ఆయన మాత్రం శాస్త్రం ఒప్పుకునే కనీసపు నీళ్లతో సరిపెట్టాడట. అదేమిటని అడిగితే, ఆ నీళ్లు పనిపిల్ల దూరం నుంచి మోసుకొస్తుంది, ఆమె భుజాల మీద నేను పుణ్యం సంపాదించడమెందుకు అన్నాడట.

అలా లెక్కలు చూడటం మొదలుపెడితే పుణ్యానికి గిట్టుబాటు ఏముంటుంది? నిష్ఠ మనది, మోత ఇంకొకరిది. ఏ మతంలోనైనా ఈ ఏర్పాటు మీదే కదా బండి నడిచేది.

సలాంతర్‌దే ఇంకో కథ. పస్కా పండక్కి చేసే పొంగని రొట్టెకి, పిండిలో నీళ్లు పడ్డాక 18 నిమిషాలు దాటనివ్వకూడదు. దాటితే పనికిరాదు. ఆ పని పర్యవేక్షణకి వెళ్తున్న శిష్యులు 'ఏ విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాలి?' అని అడిగితే, 'పిండి పిసికే ఆవిడ భర్త పోయిన మనిషి, ఆవిడ మీద అరవకండి' అన్నాడట. అయ్యా, 18 నిమిషాల్లో ముగియాల్సిన పని అరవకుండా ఎలా ముగుస్తుంది? చిన్న ఫంక్షన్‌లో వడ్డన అరగంట ఆలస్యమైతేనే మనవాళ్లు క్యాటరింగ్ కుర్రాళ్ల ఏడు తరాలనీ తలుచుకుంటారు. అరుపే లేకపోతే పెద్దరికం చేస్తున్నది ఎవరో వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ముసార్‌వాళ్ల దగ్గర ఒక నోట్‌బుక్ పద్ధతి కూడా ఉంది. దీని మూలం అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన 13 గుణాల పట్టికను మెండెల్ లెఫిన్ అనే యూదు రచయిత 1808లో హీబ్రూలోకి మలిచాడు. ముసార్‌వాళ్లు దాన్ని సొంతం చేసుకున్నారు. శాంతం, ఓర్పు, మౌనం ఇలా వారానికొక గుణం, ఏడాదికి నాలుగు ఆవృత్తులు, ప్రతి రాత్రీ తప్పిన చోటల్లా గుర్తు పెట్టుకోవాలి. పద్ధతి చక్కగా ఉంది. లోపం ఒక్కటే, ఎవరి నోట్‌బుక్ వాళ్లే రాసుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో అందరి నోట్‌బుక్కులూ నాకిస్తే, జీతం అడగకుండా, రోజూ నింపి పెడతాను.

ముసార్‌లోనే నోవార్దోక్ అనే శాఖవాళ్లయితే, అహంకారం తగ్గడానికి కావాలనే మందుల షాపుకెళ్లి మేకులు అడిగి, నలుగురి చేత నవ్వించుకునేవాళ్లట. అంత దూరం పోనక్కర్లేదు. ఏదైనా ఆఫీసులో ఒక సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిరిగితే అదే ఫలితం వస్తుంది.

ఇన్ని కష్టాల మధ్య ఒక శుభవార్తతో ముగిస్తాను. యోమ్ కిప్పూర్ అని యూదులకు ఉపవాసపు రోజు ఉంది, పాపాలకు క్షమాపణ దొరికే రోజు. కానీ మిష్నా ఇక్కడా మెలిక పెట్టింది. దేవుడి పట్ల చేసిన తప్పుల్ని ఆ రోజు కడుగుతుంది, సాటి మనిషి పట్ల చేసినదాన్ని మాత్రం ఆ మనిషిని ఊరడించే దాకా కడగదు. మైమోనిడిస్ వివరాలు కూడా ఇచ్చాడు. వెళ్లి అడగాలి, వాడు క్షమించనంటే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలి, అలా మూడుసార్లు. అప్పటికీ కరగకపోతే తప్పు వాడిదే. ఈ చివరి భాగం నాకు నచ్చింది గానీ, అంతదాకా రావడానికి పెట్రోలు ఖర్చు చాలా ఉంది.

దీనికి విరుగుడు ఈ తరమే కనిపెట్టింది. పండగ దగ్గర పడగానే ఫోన్‌లో ఒక మెసేజ్: 'తెలిసో తెలియకో ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించండి.' ఒక్క నొక్కుతో రెండొందల మందికి. ఎవరు నొచ్చుకున్నారో, ఎందుకో తెలుసుకోవాల్సిన పనే లేదు. ఆ మెసేజ్‌తో నిజంగా లెక్క తీరదని రబ్బీలు మొత్తుకుంటూనే ఉన్నారు. మొత్తుకోనివ్వండి, అది వాళ్ల ఉద్యోగం.

కాబట్టి ఈ వ్యాసంలో నేనెవరినైనా నొప్పించి ఉంటే, ఇందుమూలంగా సామూహికంగా క్షమాపణ కోరుతున్నాను. విడివిడిగా వచ్చి అడగబోనని కూడా తెలియజేస్తున్నాను. మా బావమరిదికి మాత్రం ఎవరూ దీన్ని ఫార్వర్డ్ చేయొద్దు. చదివాడంటే నేను తనకి చెప్పాల్సిన సారీ ఇదేననుకుంటాడు. వాడి సంగతి ఎత్తకండి, ఏం జరిగిందో నేను చెప్పదలచుకోలేదు.