ఫలితం తెలియని కాగితం

ఒకప్పుడు సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. నాసిరకం కాగితం, కొద్దిపాటి పేజీలు, అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ. లోపల పాటలతో పాటు కథాసంగ్రహం ఉండేది. కథ మంచి పట్టులో పడేసరికి ‘మిగతా వెండితెరపై చూడండి’ అని ఆపేసేవారు. సినిమా చూసి ఇంటికొచ్చాక ఆ పుస్తకంతో ఇక పనిలేదు. అయినా ఎన్ని ఇళ్లలో వాటిని ట్రంకుపెట్టెల్లో భద్రంగా దాచారో మనకు తెలుసు.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అభిమానులు మ్యాచ్ ప్రోగ్రామ్‌లను, అంటే ఆట రోజున మైదానం దగ్గర అమ్మే చిన్న పుస్తకాలను, దాచుకున్నదీ అలాగే. శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆట. గేటు దగ్గర కొన్న పలచటి పుస్తకం కోటు జేబులో మడతపడి ఇంటికి చేరేది. మధ్య పేజీ తెరిస్తే రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడ్డట్టు పేర్లు ఉండేవి: గోల్‌కీపర్, అతని ముందు ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, అయిదుగురు ఫార్వర్డ్‌లు. నడుమ రిఫరీ పేరు, లైన్స్‌మెన్ పేర్లు, ఎవరి చేతిలో ఏ రంగు జెండా ఉంటుందన్న వివరం. ఆట తీరు మారిపోయిన తర్వాత కూడా చాలా క్లబ్బులు పేర్లను ఆ పాత వరసలోనే అచ్చువేస్తూ వచ్చాయి.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చేది వేరే ఊళ్ల మ్యాచ్‌ల పట్టిక. అదే సమయానికి జరుగుతున్న మిగతా మ్యాచ్‌లకు ఏ, బీ, సీ అని ఒక్కో అక్షరం ఇచ్చేవారు. మైదానం అంచున ఉండే బోర్డు మీద ఆ అక్షరాలు మాత్రమే కనిపించేవి. హాఫ్‌టైమ్‌లో ఒకరు వచ్చి ఒక్కో అక్షరం పక్కన స్కోరు అంకెలు తగిలించేవారు. ‘ఎఫ్’ ఎదురుగా 2-0 కనిపిస్తే అది ఏ ఊరి సంగతో ప్రోగ్రామ్ కొన్నవాడికే తెలుస్తుంది. కొననివాడు పక్కవాణ్ని అడగాల్సిందే. ట్రాన్సిస్టర్ రేడియోలు జేబుల్లోకి వచ్చేదాకా లీగ్‌లో తమ జట్టు స్థానం ఎటు కదులుతోందో ఆ మధ్యాహ్నమే తెలుసుకోవడానికి వేలమందికి అదే ఆధారం. ఆట మధ్య విరామంలో వేలమంది ఒకేసారి తలలు దించి కాగితం మీద అక్షరాలు వెతుక్కుంటున్న దృశ్యాన్ని ఊహించుకోండి.

లివర్‌పూల్ నగరంలో ఇంకో ముచ్చట. ఎవర్టన్, లివర్‌పూల్ క్లబ్బులు బద్ధ ప్రత్యర్థులు. ఒక జట్టు సొంత మైదానంలో ఆడే శనివారం రెండోది బయటి ఊరికి వెళ్లేది, దాని రిజర్వ్ (రెండో శ్రేణి) జట్టు సొంత మైదానంలో ఆడేది. అందుకని 1904 నుంచి దాదాపు మూడు దశాబ్దాల పాటు రెండు క్లబ్బులకూ కలిపి ఒకే ప్రోగ్రామ్ వచ్చింది. ఈరోజు ఆ రెండు క్లబ్బుల అభిమానులకు ఈ మాట చెబితే నమ్మడం కష్టం. నమ్మించడానికి ఆ కాగితాలు ఉన్నాయి.

సేకరించేవాళ్లు పాత ప్రోగ్రామ్‌ల గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా అరుదుతనం గురించీ ధరల గురించీ చెబుతారు. ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్ 1882 ఫైనల్‌లో ఓల్డ్ ఈటోనియన్స్ జట్టు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 1-0తో ఓడించింది. ఆ మ్యాచ్ ప్రోగ్రామ్ ఒకటి 2013లో లండన్‌లోని సోథబీస్ వేలంలో 35,250 పౌండ్లు పలికింది. నాకు మాత్రం వాటి విలువ మరోచోట కనిపిస్తుంది. మ్యాచ్ గురించి మనకు మిగిలే రాతలన్నీ ఆట అయిపోయాక రాసినవే. పత్రికల నివేదికలు, ఆటగాళ్ల ఆత్మకథలు, గణాంకాలు, అన్నీ ఫలితం తెలిసి రాసినవి. తెలిసినవాడి రాత ఎంత నిజాయితీగా ఉన్నా గెలిచినవాడి వైపు కాస్త ఒరుగుతుంది. ప్రోగ్రామ్ ఒక్కటే ఆట మొదలవకముందు, ఆశ ఇంకా రెండు వైపులా సమానంగా ఉన్నప్పుడు రాసింది. పాటల పుస్తకం ముగింపు తెలిసీ దాచిపెట్టేది. దీనికి ముగింపు నిజంగానే తెలియదు.

అందుకే అందులో తప్పులూ ఉంటాయి. జట్టు పేర్లు ఒకటి రెండు రోజుల ముందే అచ్చుకు వెళ్లేవి. ఈలోగా ఒకరికి మోకాలు పట్టేసేది, ఇంకొకరికి జ్వరం తగిలేది. మైక్‌లో మార్పులు చెబుతుంటే జనం పెన్సిల్‌తో పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసుకునేవారు.

ఇది ఎంత దూరం వెళ్లగలదో 1958 ఫిబ్రవరి చూపించింది. బెల్‌గ్రేడ్‌లో యూరోపియన్ కప్ మ్యాచ్ ఆడి తిరిగివస్తున్న మాంచెస్టర్ యునైటెడ్ జట్టు విమానం ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో మంచు పేరుకున్న రన్‌వే నుంచి లేవలేక కూలిపోయింది. 23 మంది చనిపోయారు, వాళ్లలో ఎనిమిది మంది ఆటగాళ్లు. రెండు రోజుల తర్వాత, 8న, వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్‌తో జరగాల్సిన మ్యాచ్‌కు ప్రోగ్రామ్ అప్పటికే అచ్చయింది. ఆ మ్యాచ్ వాయిదా పడింది. కాపీలు దాదాపు అన్నీ నాశనం చేశారు, ఏ కొన్నో మిగిలాయి.

ఫిబ్రవరి 19న షెఫీల్డ్ వెన్స్‌డేతో ఎఫ్‌ఏ కప్ మ్యాచ్. యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌కు దాదాపు 60 వేల మంది వచ్చారు. ప్రోగ్రామ్ మొదటి పేజీలో క్లబ్ ఛైర్మన్ హెరాల్డ్ హార్డ్‌మన్ సందేశం, ‘యునైటెడ్ ముందుకే సాగుతుంది’ అని. మధ్య పేజీలో షెఫీల్డ్ జట్టు పేర్లు మామూలుగానే ఉన్నాయి. యునైటెడ్ వైపు పేర్లు ఉండాల్సిన పదకొండు చోట్లా ఖాళీ. ఎవరు ఆడతారో అచ్చువేసే రోజుకు ఎవరూ చెప్పలేని స్థితి. మేనేజర్ మ్యాట్ బజ్‌బీ మ్యూనిక్ ఆసుపత్రిలో ఉన్నాడు. జట్టు బాధ్యత సహాయకుడు జిమ్మీ మర్ఫీ మీద పడింది. స్టాన్ క్రౌథర్ అనే ఆటగాణ్ని ఆట మొదలవడానికి కొద్దిసేపటి ముందు కొనుక్కుని బరిలోకి దించారు. ప్రమాదం నుంచి బయటపడ్డ హ్యారీ గ్రెగ్, బిల్ ఫోక్స్ రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ ఆడారు. యునైటెడ్ 3-0తో గెలిచింది. ఆ రాత్రికి ప్రమాదంలో గాయపడ్డ యునైటెడ్ ఆటగాడు డంకన్ ఎడ్వర్డ్స్ ఇంకా ఆసుపత్రిలో ప్రాణాలతో పోరాడుతున్నాడు, మరో రెండు రోజులకు పోయాడు.

ఆ మ్యాచ్ గురించి పుస్తకాలు ఎన్నో వచ్చాయి. ఆ ఖాళీ గీతలు చెప్పినంత సూటిగా ఏదీ చెప్పలేదని నా నమ్మకం. అచ్చువేసినవాళ్లు ఎవరి మనసూ కదిలించాలని వాటిని అలా వదిలెయ్యలేదు, రాయడానికి పేర్లు లేవు, అంతే.

మార్కెట్‌లో పెన్సిల్ రాతలున్న కాపీకి ధర తగ్గుతుంది. మడతపడినా, పిన్నులు తుప్పుపట్టినా తగ్గుతుంది. ఎవరూ ముట్టుకోని కాపీకి గిరాకీ. వ్యాపారం తీరు అది, కాదనను. కానీ ఒకడు వానలో నిలబడి, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో పేరు మార్చి రాసుకున్న కాపీయే ఆ మ్యాచ్‌కు హాజరైన కాపీ.

పిల్లలు ప్రోగ్రామ్‌లను కూడబెట్టడానికి ఇంకో కారణం కూడా ఉండేది. మాంచెస్టర్ యునైటెడ్ లాంటి క్లబ్బులు ప్రోగ్రామ్‌లో టోకెన్ వేసేవి. కత్తిరించి ఒక షీటు మీద వరసగా అతికించాలి. పెద్ద కప్ మ్యాచ్ వచ్చినప్పుడు ఎక్కువ టోకెన్లున్నవారికి టికెట్ కొనుక్కునే అవకాశం ముందు దక్కేది. ఆ టోకెన్ కోసమే రిజర్వ్ జట్టు ఆటలకూ వెళ్లినవాళ్లున్నారు. అందుకే ఆ కాలపు ప్రోగ్రామ్‌లు చాలావాటిలో ఒక మూల చిన్న చతురస్రం కత్తిరించి ఉంటుంది.

2018 జూన్‌లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌లోని (ప్రీమియర్ లీగ్ కింది మూడు డివిజన్లలోని) 72 క్లబ్బులు ఓటు వేసి, ప్రతి మ్యాచ్‌కూ ప్రోగ్రామ్ తప్పనిసరి అన్న నిబంధనను ఎత్తేశాయి. చిన్న క్లబ్బుల వాదనలో న్యాయం ఉంది. అచ్చు ఖర్చు పెరిగింది, అమ్మకాలు పడిపోయాయి. జట్టు పేర్లు ఆటకు గంట ముందే ఫోన్‌లోకి వచ్చేస్తాయి. సమాచారం కోసం ఎవరూ ఇప్పుడు ప్రోగ్రామ్ కొనరు. ఆ ఓటు వేసినవాళ్లను నేను తప్పుపట్టను.

నా దిగులు దాని చోట్లోకి ఏం వచ్చిందన్నదాని గురించి. క్లబ్ వెబ్‌సైట్‌ను కొన్నేళ్లకోసారి కొత్తగా కడతారు, పాత పేజీలు ఎక్కడికి పోతాయో తెలియదు. జట్టు మారితే యాప్‌లో పేరు మారిపోతుంది, ముందు ఏ పేరు ఉందో ఆనవాలుండదు. ప్రోగ్రామ్‌లో ఊరి కసాయి దుకాణం ప్రకటన, బొగ్గు వ్యాపారి ప్రకటన, బయటి ఊరి మ్యాచ్‌కు వేసే ప్రత్యేక రైలు సమయం ఉండేవి. యుద్ధకాలంలో కాగితం కొరత వల్ల అది ఒంటి రేకుకు కుదించుకుపోయింది, అందులోనే వైమానిక దాడి సైరన్ మోగితే ఏం చేయాలో కూడా రాసేవారు. ఊరి చరిత్ర రాద్దామని ఎవరూ అనుకోకుండానే అదంతా నమోదైంది.

తెలుగువాడిగా ఇక్కడ నాకొక లోటు గుచ్చుకుంటుంది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం, రెండుసార్లూ కోచ్ రహీమే. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. అదే కాలపు ఇంగ్లండ్ మూడో డివిజన్ మ్యాచ్ ఒకటి కావాలంటే ప్రోగ్రామ్ కొద్ది పౌండ్లకు దొరుకుతుంది. ఆ రోజు లెఫ్ట్ వింగ్‌లో ఎవరు ఆడతారనుకున్నారో, ఎర్రజెండా ఎవరి చేతిలో ఉందో చదువుకోవచ్చు. రహీం సాబ్ కుర్రాళ్లు బొంబాయి కూపరేజ్ మైదానంలోకి దిగిన ఒక్క సాయంత్రాన్ని అలా చేతిలో పట్టుకోవాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. పెద్దవాళ్ల నోట ఆ ఆట విన్నాను, కాగితం మాత్రం కంటపడలేదు. మీ ఇంట్లో అటక మీద, పాటల పుస్తకాల కట్ట కింద అలాంటిదేదైనా ఉంటే దయచేసి పారేయకండి. పిన్నులు తుప్పుపట్టినా, పేర్ల మీద పెన్సిల్ గీతలున్నా సరే.