కూడు, క్యూ, కర్రపెండలం

శ్రీలంక నుంచి వచ్చి నాలుగు రోజులైంది. బట్టలు ఉతికి ఆరేశాం, సూట్‌కేసు అటకెక్కింది, తెచ్చిన టీ పొడి ఇరుగుపొరుగులకు పంచేశాం. నా పరువు ఒక్కటే ఇంకా ఇంటికి చేరలేదు. అది బదుల్ల ఊరి బయట, ఒక పెద్ద గుండిగ పక్కన ఉండిపోయింది.

టూకీగా చెప్పేస్తాను. పిల్లలకు వేసవి సెలవులు, నాకు వాడకపోతే పోయే సెలవులు, మా తోడల్లుడికి తెలిసిన ట్రావెల్స్ వాడు. ఆ తెలిసినవాడు మనిషికి రెండు వేలు తక్కువ చెప్పాడు. ఎందుకు తక్కువో అప్పుడే ఆలోచించాల్సింది. సరిగ్గా మా టూరు మధ్యలో వైశాఖ పౌర్ణమి పడిందని, ఆ దేశంలో ప్రతి పౌర్ణమీ సెలవేనని, వెసాక్ అనే ఈ బుద్ధపౌర్ణమి పండగకైతే మర్నాడు కూడా సెలవేనని, మాంసం, మందు దుకాణాలు మూసేస్తారని ఆ మహానుభావుడు ఒక్క ముక్క చెప్పలేదు. అక్కడికెళ్లాక ఫోన్ చేసి అడిగితే "ఫుల్ మూన్ కదా సార్, వ్యూ బాగుంటుంది" అన్నాడు. మందు దుకాణాల సంగతి విన్న మా తోడల్లుడి మొహంలో మాత్రం ఆ పౌర్ణమి నాడే అమావాస్య దిగింది.

ముందు క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న గుడి చూశాం. ఆ దంతాన్ని నాలుగో శతాబ్దంలో కళింగ దేశపు దంతపురం నుంచి హేమమాల అనే రాజకుమారి జడలో దాచుకుని లంకకు తెచ్చిందని కథ. ఆ దంతపురం మన శ్రీకాకుళం జిల్లాలో ఉన్నదేనని కొందరంటారు. మా తోడల్లుడిది శ్రీకాకుళం. అతనికి ఆ 'కొందరు' చాలు. టికెట్ కౌంటర్ ముందు నిలబడి "పన్ను మాది, మళ్లీ మా మీదే పన్నా?" అని అక్కడి అమ్మాయిని అచ్చ తెలుగులో నిలదీశాడు. ఆమె నవ్వి ఆరు టికెట్లు చింపి ఇచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కౌంటర్ల దగ్గర గొడవపడే గుణం మా కుటుంబంలో నాతో మొదలు కాలేదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

వెసాక్ రోజు పొద్దున ఎల్ల అనే ఊళ్లో వ్యాన్ ఎక్కుతుంటే డ్రైవరు ఉత్సాహంగా "టునైట్ వెసక్ కూడు, సర్. ఎవ్రీవేర్ కూడు!" అన్నాడు. హోటల్లో రెండు బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టుకున్న మా తోడల్లుడికి ప్రాణం లేచొచ్చింది. "విన్నారా అన్నయ్యగారూ, ఎక్కడ చూసినా కూడేనట!" అన్నాడు. సింహళంలో కూడు అంటే వెదురు పుల్లలకు కాగితం అంటించి వేలాడదీసే లాంతర్లని మాకు సాయంత్రం తెలిసింది. అప్పటికి ఆలస్యమైపోయింది. కూడు అన్నది దీపమైంది, దీపాలు లేని చోట కూడు దొరికింది, మధ్యలో నేను దొరికిపోయాను.

మేం వెళుతున్నది దున్‌హింద జలపాతానికి. ఎత్తు 64 మీటర్లు. నీళ్లు పడుతుంటే లేచే తుంపర పొగలా కమ్ముకుంటుందని, ఆ పేరు కూడా దాని వల్లే వచ్చిందని ముందు రోజు రాత్రి చదివాను. చదివినదాన్ని కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు కాబట్టి వ్యాన్‌లో అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. "దూరం నుంచే పొగ కనిపిస్తుంది, చూస్తూ ఉండండి" అన్నాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

బదుల్ల దాటాక రోడ్డు మీద కుర్రాళ్లు రంగురంగుల చారల జెండాలు ఊపుతూ బండ్లు ఆపుతున్నారు. ఎన్నికల ర్యాలీ అన్నాడు తోడల్లుడు. అది బౌద్ధుల జెండా, 1885లో వెసాక్ నాడే మొదటిసారి ఎగరేశారు అని నేను సరిదిద్దాను. అంత తెలిసినవాడికి ఆ జెండా పట్టుకుని బండి ఎందుకు ఆపుతున్నారన్న చిన్న విషయం మాత్రం తెలియలేదు. డ్రైవరు పక్కకు తీసి ఆపి "గో లైన్ సర్, గుడ్, గుడ్" అని చెప్పి, తనే గబగబా దిగి వెళ్లి లైన్లో నిలబడ్డాడు. "పాపం, మన టికెట్ల కోసం నిలబడ్డాడు. మంచివాడు" అన్నాను.

లైన్ అంటే అలాంటిలాంటి లైన్ కాదు. రోడ్డు పక్కన కనీసం నూటయాభై మంది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, అందరూ తెల్లబట్టల్లో, ఒక్కరూ తోసుకోవడం లేదు. నేను చిలకాకుపచ్చ టీషర్టు, మోకాళ్ల వరకు నిక్కరు. లైన్ మొదట్లో ఒక బ్యానరు. సింహళ అక్షరాలు గుండ్రంగా, మన అక్షరాలకు దూరపు చుట్టాల్లా ఉంటాయి. కాసేపు చూస్తే చదివేయగలం అనిపిస్తుంది. నేను కాసేపు చూసి "టికెట్లు ఇచ్చట" అని చదివేశాను.

మనం తిరుమల క్యూలలో పెరిగిన జాతి. లైన్ కనబడగానే మనకు రెండు ఆలోచనలు వస్తాయి. ఒకటి, నిలబడాలి. రెండు, నిలబడకుండా వెళ్లే దారి ఏదో ఉండే ఉంటుంది, 300 రూపాయలదో, ఎవరి ఉత్తరంతోనో. ఇరవై నిమిషాలు మొదటి ఆలోచనతో గడిపాను. తరువాత జేబులో కాగితం గుర్తొచ్చింది. ట్రావెల్స్ వాడిచ్చిన వోచరు. అందులో దున్‌హింద పక్కన లావుపాటి అక్షరాలతో "ప్రయారిటీ ఎంట్రీ - పెయిడ్" అని ఉంది.

"పద" అన్నాను మా ఆవిడతో.

"వద్దండీ, అందరూ నిలబడ్డారు కదా" అంది.

"వాళ్లు డబ్బు కట్టలేదు. మనం కట్టాం."

ఈ మాట చాలా గట్టిగా అన్నాను. తెలుగు ఎవరికీ రాకపోవడం ఆ రోజు నాకు దక్కిన ఒకే ఒక్క అదృష్టం.

లైన్ పక్క నుంచి ముందుకు నడుస్తుంటే దట్టంగా పొగ. తెల్లగా, పైకి లేస్తూ, వేడిగా. కళ్లద్దాలు మసకబారాయి. అక్కడే ఆగి వెనక్కి తిరిగి పిల్లలకు చెయ్యి చూపించాను. "చెప్పానా? తుంపర!" జలపాతపు తుంపర వేడిగా ఎందుకుంది అన్న ప్రశ్న ఐదో క్లాసు పిల్లాడికి కూడా వస్తుంది. మా అబ్బాయి ఐదో క్లాసే, వాడికి వచ్చింది, అడిగాడు కూడా. "ఎండాకాలం కదరా" అన్నాను. నీళ్ల చప్పుడు వినబడట్లేదేం అంది మా ఆవిడ. మైకులో భక్తి గీతాలు హోరెత్తుతున్నాయి, వాటిలో కలిసిపోయి ఉంటుంది అన్నాను. దేనికీ నా దగ్గర జవాబు లేకపోలేదు.

పొగలో ఒక బల్ల. బల్ల వెనక ఇరవయ్యేళ్ల కుర్రాడు, చేతిలో పెద్ద గరిటె. టికెట్లిచ్చేవాడికి గరిటె ఎందుకో ఆ క్షణంలో నాకు తట్టలేదు. కోపంగా ఉన్నవాడికి ఎదుటివాడి మొహం తప్ప చేతులు కనబడవు. నన్ను చూసి ఆ కుర్రాడు నవ్వుతూ "ఎన్న, ఎన్న" అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి భాషాశాస్త్రం చెప్పాలి. సింహళంలో 'ఎన్న' అంటే 'రండి'. ఎంతో మర్యాద. కానీ నాకు వచ్చిన నాలుగు అరవ ముక్కల్లో 'ఎన్న' అంటే 'ఏంటి?' ఆ ప్రాంతమంతా టీ తోటలు, తమిళం మాట్లాడేవాళ్లు చాలామంది. కాబట్టి నా చెవికి ఈ కుర్రాడు తమిళంలో "ఏంటి? ఏంటి?" అని గద్దిస్తున్నట్టు వినబడింది. డబ్బు కట్టినవాణ్ని అలా అనడమా? పైగా రెండుసార్లు!

"ఏంటేంటి? వోచర్!" అని కాగితం వాడి ముక్కు దగ్గర ఆడించాను. "ప్రయారిటీ! పెయిడ్! సిక్స్ పర్సన్స్!"

"సిక్స్? ఎన్న, ఎన్న" అని ఆరు కాగితపు పళ్లేలు తీశాడు.

"నో ప్లేట్స్! ఆల్రెడీ పెయిడ్!"

వాడి నవ్వు ఆగిపోయింది. "పెయిడ్? నో, నో. ఫ్రీ" అన్నాడు.

"ఫ్రీ కాదయ్యా, పెయిడ్! ఫుల్ అమౌంట్! అడ్వాన్స్!"

కుర్రాడి మొహం పాలిపోయింది. గరిటె కింద పెట్టి లోపలికి కేక వేశాడు. నలుగురు వచ్చారు. వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకున్నారు. తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివి, తల పట్టుకున్నారు. నేను లోలోపల సంతోషించాను. పై అధికారి వచ్చాడు, ఇక పని అవుతుంది అనుకున్నాను. లైన్లో నుంచి ఒక టీ తోట ఆవిడను పిలిచారు. ఆమె నాతో తమిళంలో నెమ్మదిగా, రోగి బంధువులతో మాట్లాడినట్టు అడిగింది. డబ్బు ఎవరు తీసుకున్నారు, ఎంత తీసుకున్నారు అని.

ఎంతో నాకూ సరిగా తెలియదు. ఒక అంకె చెప్పాను. తక్కువ చెబితే లోకువవుతామని కాస్త ఎక్కువే చెప్పాను.

పెద్దాయన నిట్టూర్చి, నడుము దగ్గర నుంచి పర్సు తీసి, నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

అప్పుడు వెనక నుంచి మా తోడల్లుడి గొంతు వినబడింది. నోటినిండా ఏదో ఉన్నవాడి గొంతు. "అన్నయ్యగారూ! కర్రపెండలం! ఉడకబెట్టి కొబ్బరి చల్లారు! కారం అదిరింది!"

పొగ కొంచెం పక్కకు తొలగింది. బల్ల వెనక మూడు గుండిగలు. పక్కన మారేడు పూల కషాయం, బెల్లం ముక్కలు. ఇంకాస్త అవతల ఐస్‌క్రీమ్ పెట్టెలు. తెల్లబట్టల వాళ్లంతా పళ్లేలు పట్టుకుని చెట్ల కింద కూర్చుని తింటున్నారు. వాళ్లలో మా డ్రైవరు కూడా ఉన్నాడు. ఆ బ్యానరు మీద ఉన్నది 'దన్సల' అని ఆ తోట ఆవిడ చెప్పింది. దానశాల. వెసాక్‌కు ఊరూరా పెడతారు, దారిన పోయేవాళ్లను ఆపి మరీ పెడతారు, పైసా తీసుకోరు. అలాంటి చోట ఎవడో తమ పేరు చెప్పి ఒక విదేశీయుడి దగ్గర డబ్బు గుంజాడని వాళ్ల బాధ. ఆ పాపం తమకు అంటకుండా పెద్దాయన తన జేబులో డబ్బు తిరిగి ఇవ్వబోతున్నారు.

మన భాషలో చెప్పాలంటే, శ్రీరామనవమి పందిట్లో పానకం పోసే పిల్లాడి దగ్గరికి వెళ్లి, నాది వీఐపీ టికెట్, నన్ను ముందు పంపు అని పేచీ పెట్టి, పానకానికి రీఫండ్ అడిగాను.

తరువాతి పది నిమిషాలు వివరంగా రాయలేను. దండాలు పెట్టాను. 'స్తుతి' అంటే వాళ్ల భాషలో థ్యాంక్స్ అని డ్రైవరు చెప్పాడు, పాతికసార్లు స్తుతించాను. నోట్లు వెనక్కి తోశాను, ఆయన ముందుకు తోశారు. చివరికి ఒక ముసలమ్మ ఈ గొడవకు మూలమైన వోచరును రెండు చేతులతో అందుకుని, అదేదో నా మొక్కుబడి కాగితం అనుకుందో ఏమో, బల్ల మీదున్న బుద్ధుడి పటం ముందు పెట్టి పైన మల్లెపూలు పోసింది. ఇక దాన్ని తిరిగి అడిగే మొహం నాకు లేదు. కర్రపెండలం తిన్నాను. బాగుంది. పచ్చిమిరప కారం వల్ల కళ్లనీళ్లు వచ్చాయి. వాళ్లు అలాగే అనుకుని ఉంటారు.

అసలు జలపాతం ఇంకా ముందుంది. అక్కడ టికెట్ కౌంటర్ దగ్గర మేం తప్ప మనిషి లేడు. నేను వోచర్ మాట ఎత్తితే కౌంటర్‌లో ఉన్నాయన ప్రయారిటీనా అని వింతగా చూశాడు. డబ్బు కట్టి లోపలికెళ్లాం. కిలోమీటరు పైనే నడక, దారంతా కోతులు. జలపాతం బ్రహ్మాండంగా ఉంది. తుంపర చల్లగా ఉంది. మా అబ్బాయి ఆ మాటే రెండుసార్లు అన్నాడు.

ట్రావెల్స్ వాడికి ఫోన్ చేస్తే "ఆ ఎంట్రీ ఫీజు మీరు కట్టారు కదా, ఒరిజినల్ వోచర్ పంపండి సార్, చూద్దాం" అన్నాడు. ఒరిజినల్ ఎక్కడుందో వాడికి ఎలా చెప్పను?

ఇదంతా మరిచిపోయేవాణ్నే. నిన్న రాత్రి మా మరదలు ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. పొగల మధ్య చిలకాకుపచ్చ టీషర్టు, గాల్లో కాగితం, ఎదురుగా గరిటె పట్టుకుని బిక్కచచ్చిన కుర్రాడు, వెనక పళ్లేలతో జనం. మా అత్తగారు చూసి "అల్లుడుగారు పౌర్ణమికి అన్నదానం చేయిస్తున్నారా, ఎంత పుణ్యం" అని రెండు దండాలు పెట్టింది. దాని కింద మా తోడల్లుడు "అవునండీ, ఆల్రెడీ పెయిడ్" అని రాశాడు.