ఎందుకైనా మంచిదని ఒక క్యానులా

ఎమర్జెన్సీలో వైద్యం రోగి చెప్పింది విన్నాక మొదలవుతుందనుకుంటే పొరపాటు. చేతికి టోర్నికెట్ పట్టీ బిగించాక మొదలవుతుంది. కాలు బెణికి కుంటుతూ వచ్చినా సరే, ముందు చేతి నరంలోకి క్యానులా, అంటే మందులెక్కించే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, పడాల్సిందే. ఎందుకూ అంటే, శాస్త్రోక్తమైన జవాబు ఒకటే: ఎందుకైనా మంచిది.

ఈ సిద్ధాంతం గిట్టనివాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఒక ఎమర్జెన్సీ విభాగం వాళ్లు, "దీన్ని వాడతామని 80 శాతం నమ్మకం ఉందా?" అని తమను తాము ప్రశ్నించుకోవడం మొదలుపెట్టారు. లేకపోతే పెట్టకూడదట. దాంతో గుచ్చడం తగ్గింది, పెట్టినవాటిలో వాడేవి పెరిగాయి. అన్నిటికీ ఇలా ఆలోచిస్తూ కూర్చుంటే చేతి అలవాటు ఏం కావాలి?

షాక్‌లో (అంటే రక్తపోటు బాగా పడిపోయి) ఉన్నవాళ్లకి, రక్తం పోతున్నవాళ్లకి ఆకుపచ్చ 18 గేజో (అంకె తగ్గేకొద్దీ గొట్టం లావు) అంతకన్నా లావుదో రెండు చేతులకూ పెట్టాలి. ఇందులో వెటకారమేమీ లేదు. పచ్చదాంట్లో నిమిషానికి సుమారు 90 మిల్లీలీటర్లు పోతే, నీలం 22 గేజ్‌లో 35కి అటూ ఇటూ. మన గొడవంతా రోజంతా చుక్క మందు ఎరగకుండా ఉత్సవ విగ్రహంలా కూర్చునే గులాబీ రంగు 20 గేజ్ గురించే.

"రక్తం ఎలాగూ తీయాలి, ఆ గుచ్చేదేదో క్యానులాతోనే గుచ్చేద్దాం" అనేది చాలా గౌరవనీయమైన వాదన. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోంచి సిరంజితో బలంగా లాగితే ఎర్రకణాలు పగులుతాయి. వాటిలోని పొటాషియం బయటికొచ్చి, లేని పొటాషియం ఉన్నట్టు చూపిస్తుంది. శాంపిల్ హీమోలైజ్ అయిందని, అంటే కణాలు పగిలాయని, ల్యాబ్ తిప్పి పంపుతుంది. అప్పుడు మామూలు సూదితో మళ్లీ తీస్తారు. ఒక పోటు మిగిల్చే పద్ధతికి రెండు పోట్లు.

ఇక మాత్రలు. నొప్పికి పారాసెటమాల్ 1 గ్రాము నోటితో ఇచ్చినా చాలామందికి సరిపోతుంది. మెట్రోనిడజోల్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలైతే దాదాపు మొత్తం ఒంటబడతాయి. కానీ స్టాండుకి వేలాడే సీసాకున్న హోదా మాత్రకెక్కడిది? వాంతులవుతుంటే నాలుక మీద కరిగే ఒండాన్‌సెట్రాన్ 4 మిల్లీగ్రాములు ఇచ్చి, కాసేపాగి ఓఆర్‌ఎస్ ఐదేసి మిల్లీలీటర్లు పట్టొచ్చు. చెంచాతో పక్కన ఒక మనిషి కూర్చోవాలి. క్యానులాకి ఎవరూ కూర్చోనక్కర్లేదు. అసలు కిటుకు అదీ.

చోటు ఎంపికలోనూ మన దృష్టి మోచేతి మడత మీదే. నరం ఇట్టే దొరుకుతుంది. చేయి మడిచినప్పుడల్లా గొట్టం నలిగి మందు ఎక్కించే పంపు అరుస్తుంది, ముంజేతికి పెట్టి ఉంటే ఆ సంగీతం ఉండదు. చర్మాన్ని ముందు క్రిములు చచ్చేలా ఆల్కహాల్ కలిసిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్లు రుద్ది, దానంతటదే ఆరనివ్వాలి. ఆరాక నరం ఇంకా అక్కడే ఉందో లేదోనని మళ్లీ వేలితో తడిమి చూడటం మన సంప్రదాయం. చర్మం మీద కాచుకుని ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాకి అంతకన్నా మర్యాదైన ఆహ్వానం ఉండదు. నరం ఎర్రబడి తాడులా గట్టిపడితే కొంత నయం, ఆ బ్యాక్టీరియా రక్తంలోకి దిగితే ఆ బెణికిన కాలు ఎవరికీ గుర్తుండదు.

డిశ్చార్జి రాస్తూ క్యానులా తీయడం మర్చిపోవడమూ మామూలే. పొడుగు చేతుల చొక్కా కింద దాక్కుని అది ఇంటికెళ్లిపోతుంది. తీయించుకు పొమ్మని ఫోన్ చేస్తే, "ఉండనీయండి, మళ్లీ రావాల్సొస్తుందేమో, ఎందుకైనా మంచిది" అంటాడు రోగి.