లినక్స్‌కి మారమని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పకండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటర్ శుభ్రంగా పనిచేస్తున్నా, ప్రాసెసర్ పాతదనో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదనో విండోస్ 11కి నోచుకోనివాళ్ళు బోలెడంతమంది. అప్పటినుంచీ, విండోస్‌కి బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ గురించి "లినక్స్‌కి మారొచ్చా?" అనే ప్రశ్న ఎక్కడో ఒకచోట రోజూ కనిపిస్తూనే ఉంది. అడగడమే ఆలస్యం, లినక్స్ వాడే మనవాళ్ళు ఎగబడతారు. లినక్స్ రకాల్లో (వీటినే డిస్ట్రోలంటారు) మింట్ వేసుకో అని ఒకరు, ఉబుంటు చాలని ఒకరు, అసలు సంగతి నేర్చుకోవాలంటే ఆర్చేనని ఇంకొకరు. అడిగిన మనిషి ఆ కంప్యూటర్‌తో ఏం పని చేసుకుంటాడో మాత్రం ఎవరూ అడగరు.

నేను చాలా ఏళ్ళుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా కోడ్ చూసి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేర్) డెస్క్‌టాప్ మీదే పని చేసుకుంటున్నాను. వదిలే ఉద్దేశం కూడా లేదు. అయినా సరే, అందరినీ రమ్మనడం ఆపాలంటాను. పిలిస్తే తగినవాళ్ళని పిలవాలి, తగిన కారణం చెప్పి పిలవాలి. ప్రస్తుతానికి ఆ రెండూ మనకి చేతకావడం లేదు.

"మామూలు మనుషులకి లినక్స్ పనికొస్తుందా?" అన్న ప్రశ్నతోనే తిరకాసు మొదలవుతుంది. మామూలు మనిషంటే కంప్యూటర్ గురించి పెద్దగా తెలియని మనిషి అనుకుంటాం కదా. అలాంటివాళ్ళకి లినక్స్‌తో అసలు పేచీయే లేదు. బ్రౌజర్ తెరుస్తారు, మెయిల్ చూసుకుంటారు, వీడియో కాల్ మాట్లాడతారు, ఎప్పుడైనా ఒక పీడీఎఫ్ ప్రింట్ తీస్తారు. కింద ఏ సిస్టమ్ నడుస్తోందో వాళ్ళకి అక్కర్లేదు. తెలిసినవాళ్ళు ఒకసారి సరిగ్గా ఇన్‌స్టాల్ చేసిపెడితే ఏళ్ళ తరబడి వాడుకుంటారు. ఇంకో కొసన ప్రోగ్రామర్లు, సర్వర్లు చూసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు రోజూ వాడే పనిముట్లలో చాలా భాగం ఈ వైపు పుట్టినవే, కాబట్టి వాళ్ళకీ బెంగ లేదు.

ఇబ్బందంతా మధ్యలో ఉన్నవాళ్ళది. విండోస్‌ని ఔపోసన పట్టినవాళ్ళది. ఎక్సెల్‌లో మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాములు) రాస్తారు. ఏ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందో తెలుసు. అవసరమైతే విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో వేలు పెడతారు. చుట్టుపక్కల ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోన్ వీళ్ళకే వస్తుంది. ఇలాంటి మనిషి లినక్స్‌లో అడుగుపెట్టగానే ఇన్నేళ్ళ నైపుణ్యమూ చెల్లని నోటైపోతుంది. ఏదైనా ప్రోగ్రాం కావాలంటే ఆ కంపెనీ సైటుకి వెళ్ళి ఫైల్ దింపుకోవడం ఆయనకున్న అలవాటు. ఇక్కడేమో ముందు డిస్ట్రో వాళ్ళ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకాలి. సి డ్రైవ్ కనిపించదు. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) కాపీ చేద్దామని కంట్రోల్ సి నొక్కితే నడుస్తున్న పని ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ ఆ మీటకి దశాబ్దాలుగా ఉన్న అర్థమే 'ఆపు' అని. షిఫ్ట్ కూడా కలిపి నొక్కాలని ఎవరో చెప్తే తప్ప తెలియదు. తెలివైన మనిషికి ఇది మహా చిరాకు. చిత్రమేమిటంటే, "లినక్స్‌కి మారొచ్చా" అని అడిగేది ఎక్కువగా వీళ్ళే. మొదటి రకానికి ఆ ఆలోచనే రాదు, రెండో రకం అడక్కుండానే వేసేసుకుంటుంది.

2021 నవంబర్‌లో జరిగింది గుర్తుందా? కంప్యూటర్ల మీద వీడియోలు చేసే లైనస్ సెబాస్టియన్, లినక్స్ వాడటం అదో సవాలుగా తీసుకుని పాప్ ఓఎస్ అనే డిస్ట్రో వేసుకున్నాడు. గేముల కోసం స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోతే గ్రాఫికల్ స్టోర్‌లో కుదరలేదు. ఇంటర్నెట్‌లో వెతికి, టెర్మినల్‌లో కమాండ్ ఇచ్చాడు. హానికరమైన పని చేయబోతున్నారు, నిజంగా చేయమంటే 'ఎస్, డూ యాజ్ ఐ సే!' అని టైప్ చేయండి అంది సిస్టమ్. చేశాడు. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల చిక్కులో పడి, తెరమీది మెనూలూ కిటికీలూ నడిపే డెస్క్‌టాప్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. హెచ్చరిక చదవకుండా కొట్టేశాడని మనవాళ్ళు పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఆ మనిషి మీద సానుభూతే కలిగింది. ఒక గేమ్ స్టోర్ ఇన్‌స్టాల్ చేస్తే డెస్క్‌టాప్ పోతుందని ఏ మనిషి ఊహిస్తాడు? పైగా విండోస్‌లో ప్రతిదానికీ 'ఎస్' నొక్కడం అలవాటైన చెయ్యి. నవ్విన గుంపు కంటే ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళే నయం. ముఖ్యమైన ప్యాకేజీలు అంత తేలిగ్గా ఊడిరాకుండా ఆ తర్వాత, వాటిని వేసి తీసే ఏపీటీ అనే ప్రోగ్రాంని మార్చారు. అంటే లోపం ఉందని ఒప్పుకున్నట్టే కదా.

ఇక మనం చెప్పే కారణాల సంగతి.

"వైరస్‌లు రావు" అంటాం. ఇది సగం నిజం. డెస్క్‌టాప్ లినక్స్‌ని గురిపెట్టేవాళ్ళు తక్కువ, సాఫ్ట్‌వేర్ నమ్మకమైన ఒకేచోటి నుంచి వస్తుంది, అందువల్ల ప్రమాదం తగ్గుతుంది. కానీ 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ వ్యవహారం ఏం చెప్పింది? ఫైళ్ళని కుదించే ఓ చిన్న లైబ్రరీ, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాని నిర్వాహకుడి నమ్మకం మెల్లమెల్లగా సంపాదించి, ఎవరో దొంగదారి పెట్టేశారు. దూరం నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి సుమారు అరసెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి బయటపడింది. (ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. విధి ఎంత హాస్యప్రియురాలో!) సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండబట్టే ఆయన మూలం దాకా వెళ్ళగలిగాడు, నిజమే. కానీ అదే తెరిచిన తలుపులోంచే దొంగ కూడా వచ్చాడు. దీన్ని 'వైరస్‌లు రావు' అనే రెండు ముక్కల్లో కుక్కి చెప్తే అబద్ధమే అవుతుంది.

"పాత ల్యాప్‌టాప్ కొత్తదైపోతుంది" అనేది ఇంకోటి. తేలికపాటి డెస్క్‌టాప్ వేస్తే మెషిన్ చకచకా మొదలవుతుంది, సందేహం లేదు. ఆ తర్వాత బ్రౌజర్ తెరుస్తారు. ఇవాళ్టి వెబ్ పేజీలు ఏ సిస్టమ్ మీదైనా అంతే మెమరీ మింగుతాయి. 4 జీబీ ర్యామ్‌తో ఇరవై ట్యాబులు తెరిస్తే తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ అయినా, కేడీఈ డెస్క్‌టాప్ అయినా చేతులెత్తేస్తుంది. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించమని చెప్పడం చాలాసార్లు అంతకన్నా మంచి సలహా.

మెమరీ మాట వచ్చింది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్ళు కంగారుపడే విషయం ఒకటుంది. ఏమీ తెరవకపోయినా ర్యామ్ నిండిపోయిందేమిటని అడుగుతారు. ఖాళీగా పడి ఉన్న మెమరీలో, డిస్క్ నుంచి ఒకసారి చదివిన ఫైళ్ళని లినక్స్ దాచిపెట్టుకుంటుంది. ప్రోగ్రాములకి అవసరం రాగానే వదిలేస్తుంది. 'ఫ్రీ' కమాండ్ ఇచ్చి 'అవైలబుల్' అన్న గడి చూస్తే టెన్షన్ తగ్గుతుంది. అలాగే రెండు సిస్టమ్‌లూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్ళకి గడియారం తప్పుతుంది. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉందనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందనుకుంటుంది. రెంటిలో ఏదో ఒకదాన్ని రెండోదాని దారికి తేవాలి, అంతే. విండోస్ డ్రైవ్‌లో ఫైల్ సేవ్ కావడం లేదంటే మొదట అనుమానించాల్సింది విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్‌ని. షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా పడుకోదు, అందుకే ఆ డ్రైవ్‌లో రాయడానికి లినక్స్ జంకుతుంది.

ఇలాంటి ప్రశ్నలకి "మాన్యువల్ చదువుకో" అని కసురుకునేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మాన్యువల్లో ఏ మాట కోసం వెతకాలో తెలిస్తే వాడు నిన్నెందుకు అడుగుతాడయ్యా? అంతకంటే ఘోరం "డిస్ట్రో మార్చు" అనే సలహా. వైఫై చిప్‌కి డ్రైవర్ లేకపోతే ఏ డిస్ట్రోకి మారితే ఏం లాభం? సిస్టమ్ గుండెకాయైన కర్నెల్ అందరిదీ ఒకటే. మహా అయితే ఒకరిది కొంచెం కొత్తది, ఒకరిది కొంచెం పాతది.

ప్రతిదానికీ టెర్మినల్ ఎందుకని కూడా విసుక్కుంటారు. ఆ విసుగు న్యాయమైనదే, కానీ కారణం వాళ్ళనుకునేది కాదు. సెట్టింగుల్లో చాలా పనులకి బటన్లున్నాయి. అయితే ఆ బటన్ గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఒకచోట, కేడీఈలో ఒకచోట, సినమన్‌లో ఇంకోచోట ఉంటుంది. కమాండైతే చాలావరకు అన్నిచోట్లా ఒకటే, ఒక్క వరుసలో రాసి పారేయొచ్చు. అంటే అది జవాబు చెప్పేవాడి సౌకర్యం. చెప్పేవాడు ఆ వరుస ఏం చేస్తుందో కూడా ఒక వాక్యం రాస్తే సగం భయం పోతుంది. ఏళ్ళ నాటి కమాండ్‌ని ముందూ వెనకా చూడకుండా సుడోతో (అంటే సిస్టమ్‌ని మార్చే పూర్తి అధికారంతో) అతికించే ప్రమాదమూ తగ్గుతుంది.

ఆఫీస్ ఫైళ్ళ గొడవ నిజమైన గొడవ. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయిన లిబ్రేఆఫీస్ చాలా దూరం వచ్చింది. నా పనంతా అందులోనే. పంపిన డాక్యుమెంట్ చెదిరిపోయిందని గోలపెట్టినప్పుడు చాలాసార్లు దోషి ఫాంటే. మైక్రోసాఫ్ట్ ఫాంట్ క్యాలిబ్రి లేకపోతే వేరే ఫాంట్ వచ్చి వరుసలు జరిగిపోతాయి. అదే కొలతలతో చేసిన కార్లిటో, కేంబ్రియాకి బదులు క్యాలడియా వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. కానీ మాక్రోలు దట్టించిన ఎక్సెల్ షీట్ల మీద ఉద్యోగం ఆధారపడి ఉంటే, దయచేసి విండోస్‌లోనే ఉండండి. అడోబ్ వాళ్ళ ఫోటోషాప్‌తో పొట్టపోసుకునేవాళ్ళూ అంతే. లినక్స్‌లో దొరికే ఫోటో ఎడిటర్ గింప్ మంచిదే, అది వేరే పనిముట్టు. ఆటల విషయంలో 2018లో స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ, విండోస్ ఆటల్ని లినక్స్‌లో ఆడించే ప్రోటాన్ తెచ్చాక పరిస్థితి ఎంత మారిందో చెప్పలేను, కానీ కర్నెల్ లోపల కూర్చునే యాంటీ చీట్ (మోసం పట్టే ప్రోగ్రాం) ఉన్న ఆన్‌లైన్ ఆటలు చాలావరకు ఇంకా ఆడవు.

ఇక్కడ మనవాళ్ళు వెంటనే "అది లినక్స్ తప్పు కాదు, ఆ కంపెనీ తప్పు" అంటారు. అవును, కంపెనీ తప్పే. సాయంత్రంలోగా పని ముగించాల్సిన మనిషి ఆ తీర్పుని ఏం చేసుకోవాలి?

ఎక్స్11 మంచిదా వేలాండ్ మంచిదా, సిస్టమ్‌డీ ఉండాలా వద్దా, స్నాప్ నీచమా ఫ్లాట్‌ప్యాక్ ఉత్తమమా అని సిస్టమ్ లోపలి భాగాల మీద మనవాళ్ళు చేసే యుద్ధాల గురించి నేనేమీ రాయను. కొత్తగా వచ్చినవాళ్ళ ముందు మాత్రం అవి పెట్టకండి, పారిపోతారు.

మరి నేనెందుకు ఇక్కడున్నాను? రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. 2011లో గ్నోమ్ 3 వచ్చింది. అంతవరకూ అలవాటైన ప్యానెళ్ళు, మెనూలు ఎత్తేసి కొత్త తీరు పెట్టారు. చాలామందికి నచ్చలేదు. మరుసటి ఏడాది విండోస్ 8లో మైక్రోసాఫ్ట్ స్టార్ట్ బటన్ తీసేసింది. అదీ చాలామందికి నచ్చలేదు. విండోస్ వాళ్ళు ఏం చేయగలిగారు? తిట్టుకున్నారు, పైపైన అతికించే ప్రోగ్రాములు వెతుక్కున్నారు, ఎదురుచూశారు. 2013లో 8.1తో బటన్ వచ్చింది, పాత పద్ధతి మెనూ రావడానికి 2015లో విండోస్ 10 దాకా ఆగాల్సొచ్చింది. ఇటువైపు? గ్నోమ్ 2 కోడ్ తీసుకుని కొందరు 'మాటే' అనే డెస్క్‌టాప్ మొదలుపెట్టారు. మింట్ వాళ్ళు గ్నోమ్ 3 పునాది మీదే పాత అలవాట్లతో సినమన్ కట్టారు. రెండూ ఇవాళ్టికీ బతికే ఉన్నాయి. గ్నోమ్ వాళ్ళు తాము నమ్మిన దారిలోనే వెళ్ళారు, వాళ్ళనీ ఎవరూ ఆపలేదు.

నాకు కోడ్‌లో ఒక్క వరుస రాయడం రాకపోయినా, కోడ్ తీసుకుని మార్చుకునే ఆ హక్కు నాకు పనికొచ్చింది. రాయడం వచ్చిన వేరెవరికో కోపం వచ్చింది, ఆ కోపం తీర్చుకోవడానికి లైసెన్సు అడ్డురాలేదు, ఫలితం నేను వాడుకున్నాను. గ్నోమ్ పుట్టుక కూడా ఇలాంటిదే. 1996లో మొదలైన కేడీఈ, అప్పటికి స్వేచ్ఛా లైసెన్సు లేని క్యూటీ (బటన్లు, మెనూలు కట్టే పనిముట్ల పెట్టె) మీద ఆధారపడిందని, దానికి విరుగుడుగా 1997లో గ్నోమ్ మొదలుపెట్టారు. క్యూటీ తర్వాత తన లైసెన్సు మార్చుకుంది. ఇన్ని డెస్క్‌టాప్‌లేమిటి, అందరూ కలిసి ఒకటే చేయొచ్చుగా అనేవాళ్ళకి నా జవాబు ఇదే. ఒకటే ఉంటే, అది మారిన రోజున మీరు వెళ్ళడానికి ఇంకోచోటు ఉండదు.

కాబట్టి ఈసారి ఎవరైనా అడిగితే డిస్ట్రో పేరు చెప్పే ముందు, ఏ ప్రోగ్రాం లేకపోతే నీ పని ఆగిపోతుందని అడగండి. ఆ జాబితాలో పైన చెప్పినవేవైనా ఉంటే వద్దని చెప్పేయండి. విండోస్ 10లోనే ఉండాలంటే పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకోవచ్చు, వ్యక్తిగత కంప్యూటర్లకి 2026 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్టే చెప్పింది. జాబితా ఖాళీగా ఉంటే, విండోస్ తీయకుండానే ముందు ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీలతో ఒక నెల గడపమనండి. అవి కుదిరితే యూఎస్‌బీ నుంచి లినక్స్‌ని లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండానే) బూట్ చేసి వైఫై, మైకు, ప్రింటర్ చూసుకోమనండి. మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తోందో లేదో కూడా చూడమనండి, ల్యాప్‌టాప్‌లలో బెడిసికొట్టేది తరచుగా అదే. బ్యాకప్ సంగతి చెప్పడం మర్చిపోకండి.

ఇంత రాశాక కూడా "సరే, నువ్వు వాడే డిస్ట్రో ఏది?" అని ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. డెబియన్. సుమారు రెండేళ్ళకోసారి తప్ప దాన్లో పెద్ద మార్పులేవీ ఉండవు, నాకు మార్పులంటే ఒళ్ళుబరువు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నవాళ్ళు నన్ను చూసి డెబియన్ వేసుకోకండి, దానికి తగ్గ డ్రైవర్ అందులో ఇంకా ఉండకపోవచ్చు.