సోలార్ మెసెంజర్ బ్యాగు ఉంటే ఇక చార్జర్ అక్కర్లేదా?

ఈ మధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. మూత మీద నల్లటి సోలార్ ప్యానెల్ ఉన్న మెసెంజర్ బ్యాగు ఫొటో, దాని కింద ఐదారు వాక్యాలు. సారాంశం ఇదీ: భుజాన తగిలించుకుని నడుస్తుంటే చాలు, సాయంత్రానికి ఫోన్ ఫుల్ అవుతుంది. ఆఫీసులో లైటు కింద పెట్టినా చార్జ్ ఎక్కుతుంది. అవసరమైతే ల్యాప్‌టాప్‌కీ సరిపోతుంది. ఒకే పట్టీ కాబట్టి బ్యాక్‌ప్యాక్ కంటే వెన్నుకు హాయి. 1680 డెనియర్ గుడ్డ కాబట్టి చుక్క నీరు లోపలికి పోదు. పైగా కరెంటు బిల్లు ఆదా.

ఫార్వర్డ్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఆ బ్యాగును చేత్తో పట్టుకుని చూసి ఉండరు. నాకు సోలార్ మీద పగేమీ లేదు, మెసెంజర్ బ్యాగులంటే ఇష్టం కూడా. ఆ రెంటినీ కలిపి కుట్టి, పైన ఇన్ని మాటలు తగిలించడం దగ్గరే పేచీ.

ముందు "నడుస్తుంటే చాలు" అన్నది చూద్దాం. పోస్టంతా దాని మీదే నిలబడింది. ఇలాంటి బ్యాగుల మీద మామూలుగా 5 నుంచి 7 వాట్ల ప్యానెల్ వస్తుంది. 6 అనుకుందాం. ఆ 6 వాట్లు ల్యాబ్ లెక్క. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు ప్యానెల్‌కు ఎదురుగా తిన్నగా పడాలి, సెల్ వేడి 25 డిగ్రీల దగ్గరే ఉండాలి. బయట మంచి ఎండలో బ్యాగును వెల్లకిలా పడుకోబెట్టి, ప్యానెల్‌ను సూర్యుడి వైపు తిప్పి పెడితే, వేడికి కొంత, వోల్టేజీని సర్దే సర్క్యూట్‌కు కొంత పోగా 4 వాట్ల దాకా చేతికొస్తాయి. ఇది బాగా కుదిరిన రోజు సంగతి.

ఇప్పుడు దాన్ని భుజాన వేసుకోండి. మూత నిలువుగా వేలాడుతుంది, సూర్యుడేమో నెత్తి మీదుంటాడు. సూర్యుడు 70 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నిలువు పలక సరిగ్గా అటువైపే తిరిగి ఉన్నా, దాని మీద పడే నేరు ఎండ మూడో వంతే. వీధి మలుపు తిరిగితే అదీ ఉండదు, ప్యానెల్ మీ నీడలోకి వచ్చేస్తుంది. పొద్దునా సాయంత్రం సూర్యుడు కిందికి ఉంటాడు కదా అంటే, నిజమే, కోణం అప్పుడు మెరుగు. కానీ ఎండలో పస తగ్గిపోతుంది, పైగా ప్యానెల్ ఎటు తిరగాలో చూసుకుని మనం నడవాలి.

నీడ సంగతి ఇంకొంచెం దగ్గరగా చూడాలి. ఒక సిలికాన్ సెల్ ఇచ్చేది అర వోల్టు పైచిలుకే. యూఎస్‌బీకి 5 వోల్టులు కావాలి. అందుకే సెల్స్‌ను సన్నటి ముక్కలుగా కోసి పదీ పన్నెండు ముక్కలను ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. ప్యానెల్ మీద కనిపించే గళ్లు అవే. అలా ఒకే వరుసలో కలిపినప్పుడు ఏ ముక్క మీద వెలుతురు తక్కువ పడితే వరుసంతా దాని స్థాయికే దిగుతుంది. కేబుల్‌లో ఎంత కరెంటు పారుతోందో చూపే యూఎస్‌బీ మీటరు ఉంటే పరీక్షించుకోవచ్చు. బ్యాగును ఎండలో పరిచి, మీటరు తగిలించి, ఒక గడిని మాత్రం అట్టముక్కతో పూర్తిగా కప్పండి. మిగతా గళ్లన్నీ ఎండలో మెరుస్తూనే ఉంటాయి, మీటరు మాత్రం దాదాపు సున్నాకు పడిపోతుంది. నడిచేటప్పుడు ఊగే చెయ్యి, బ్యాగు సొంత పట్టీ, చున్నీ కొస, అన్నీ ఆ అట్టముక్క చేసే పనే చేస్తాయి.

కాబట్టి నడకలో సగటున ఒక వాట్ వచ్చిందంటే బాగా వచ్చినట్టే. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ అంటే సుమారు 19 వాట్-అవర్లు. ఒక వాట్‌తో గంట నడిస్తే ఒక వాట్-అవర్. అది పవర్‌బ్యాంక్‌లోకి వెళ్లి, మళ్లీ ఫోన్‌లోకి వచ్చేసరికి మూడో వంతు దారిలోనే పోతుంది. మిగిలింది ఫోన్‌లో 3, 4 శాతం. గంట ఎండలో నడిచినందుకు ఇదీ రాబడి. బ్యాగును కదపకుండా ఎండలో పరిచి, నాలుగు గంటలపాటు సూర్యుడితో పాటు తిప్పుతూ కూర్చుంటే సగం ఫోన్ దాకా నిండొచ్చు. కానీ బ్యాగు కొనుక్కున్నది దానికి కాపలా కాయడానికి కాదు కదా.

ఆ ఎండలో ఇంకో చిక్కుంది. ప్యానెల్ మీద పడిన వెలుతురులో అయిదో వంతు కరెంటైతే మిగతాదాంట్లో ఎక్కువ భాగం వేడే. సిలికాన్ సెల్ 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం శక్తి కోల్పోతుంది. అది సర్దుకుపోవచ్చు. పవర్‌బ్యాంక్‌ను ఆ ప్యానెల్ వెనకే ఉన్న జేబులో పెట్టమంటారు చూడండి, అది సర్దుకుపోయేది కాదు. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీల లోపే చార్జ్ చెయ్యాలి. నల్లటి ప్యానెల్ వెనక ఎండవేళ ఆ జేబు ఎంత కాగుతుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. బ్యాటరీ ఆయుష్షు అక్కడే హరించుకుపోతుంది.

పోస్టు చెప్పనిది, ప్యానెల్‌కు అనుకూలమైనది ఒకటుంది. ఈ బ్యాగు పుట్టింది సైకిల్ మీద ఉత్తరాలు, పార్సిళ్లు చేరవేసే వాళ్ల కోసం. 1989లో శాన్ ఫ్రాన్సిస్కోలో టింబక్2 కంపెనీ మొదలుపెట్టిన రాబ్ హనీకట్ కూడా సైకిల్ మెసెంజరే. ముందుకు వంగి తొక్కేటప్పుడు బ్యాగు వీపు మీద పడుకుంటుంది, మూత ఆకాశం వైపు చూస్తుంది. సోలార్ మెసెంజర్ బ్యాగుకు ఎండ బాగా తగిలే సందర్భం ఏదైనా ఉంటే అదే. మధ్యాహ్నపు ఎండలో గంటల కొద్దీ సైకిల్ తొక్కేవాళ్లు ఆ పోస్టును కొంత నమ్మొచ్చు.

ఇక ఆఫీసు లైటు. క్యాలిక్యులేటర్ నడుస్తోంది కదా, బ్యాగు ఎందుకు నడవదు అంటారు. క్యాలిక్యులేటర్‌కు కావలసింది వాట్‌లో లక్షల వంతు, ఫోన్‌కు కావలసింది వాట్లు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. ఆఫీసు బల్ల మీద అది 500 లక్స్ ఉంటే నిండు ఎండ లక్ష లక్స్. అంటే రెండు వందల్లో ఒక వంతు. ఉదారంగా లెక్కేసినా 6 వాట్ల ప్యానెల్ అక్కడ 0.03 వాట్లిస్తుంది. ఎనిమిది గంటల డ్యూటీకి ఫోన్‌లో ఒక్క శాతం. అదైనా ఆ కాస్త వెలుతురుకు సర్క్యూట్ మేలుకుంటేనే.

ల్యాప్‌టాప్ గురించి ఒక్క ముక్క చాలు. దాని చార్జరు 45, 65 వాట్లది. 6 వాట్ల ప్యానెల్‌ను నేరుగా తగిలిస్తే ల్యాప్‌టాప్ దాన్ని పట్టించుకోదు కూడా.

వెన్నుకు హాయి అన్న మాటకు వద్దాం. బరువు ఒక భుజం మీదే పడితే ఒళ్లు రెండో వైపుకు వంగి దాన్ని సరిచేసుకుంటుంది. పట్టీ జారకుండా ఆ భుజం తెలియకుండానే పైకి లేస్తుంది. సాయంత్రానికి మెడ పక్కన పట్టేసినట్టు ఉండేది అందుకే. పట్టీని తల మీదుగా అడ్డంగా వేసుకుంటే జారడం ఆగుతుంది, బరువు మాత్రం ఆ భుజం మీదే ఉంటుంది. మెత్త వేసిన వెడల్పు పట్టీ కూడా బరువును తగ్గించదు, నొక్కుడును పరుస్తుంది. రెండు భుజాల మీదా సమంగా పడే బ్యాక్‌ప్యాక్‌తో ఇందులో పోటీ లేదు.

మరి సైకిల్ మెసెంజర్లు రోజంతా ఎలా మోశారు? పట్టీని బాగా బిగించి, బ్యాగు వీపు పైభాగానికి అతుక్కునేలా వేసుకునేవాళ్లు. బ్యాగు ఊగకుండా రెండో చంక కింద నుంచి ఇంకో సన్నపట్టీ లాగి ప్రధాన పట్టీకి కట్టేవాళ్లు. సరుకు తియ్యాలంటే బ్యాగును దించకుండా ముందుకు తిప్పుకుంటే అయిపోతుంది. 1995లో కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో మొదలైన క్రోమ్ కంపెనీ పట్టీకి సీటు బెల్టు బకిల్ పెట్టడం కూడా ఒక్క నొక్కుతో వదులయ్యేందుకే. ఫొటోల్లోలాగా పట్టీని తొడ దాకా వదులు చేస్తే ఆ సుగుణాలన్నీ పోయి, అడుగడుక్కీ బ్యాగు కాలికి కొట్టుకుంటుంది. ఇక 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ ఒక్కటే 200 గ్రాముల పైమాట. ప్యానెల్ బరువు కూడా కలిపితే పుస్తకమో నీళ్ల సీసానో పెట్టకముందే ఒక భుజం మీద అంత మోత.

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. బ్యాగు ఒంటికి అతుక్కుని, తేలిగ్గా, అటూ ఇటూ తిరిగేలా ఉండాలి. ప్యానెల్ ఒంటికి దూరంగా, కదలకుండా, పైకి చూస్తూ ఉండాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరని చోటు ఇది.

గుడ్డ విషయంలో పోస్టు చేసిన పొరపాటు చాలామంది చేసేదే. 1680 డెనియర్ అంటే 9000 మీటర్ల దారం 1680 గ్రాములు తూగుతుందని. అది దారం లావు చెబుతుంది. నీళ్లను ఆపుతుందో లేదో ఆ అంకెలో లేదు. ఏ దారమో కూడా చెప్పదు. ఒకే డెనియర్‌లో నైలాన్ రాపిడికి పాలిస్టర్ కంటే బాగా ఆగుతుంది, కానీ ఎండకు తొందరగా బలహీనపడుతుంది. రోజూ ఎండలో ఉంచమని చెప్పే బ్యాగుకు ఇది చిన్న విషయం కాదు.

నీళ్లను ఆపేది లోపలి వైపు పూసిన పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) కోటింగ్. వీలైతే బ్యాగును లోపలి నుంచి తిరగేసి చూడండి. గుడ్డ మీద సన్నటి మెరుపు పొర ఉంటుంది, కుట్టు వచ్చిన చోటల్లా సూది చేసిన కన్నాల వరుస ఉంటుంది. ఆ కుట్ల మీద టేపు అతికించకపోతే వాన వచ్చేది అక్కడి నుంచే. సోలార్ బ్యాగులో ప్యానెల్ చుట్టూ ఇంకో నాలుగు వైపుల కుట్లు, వైరు లోపలికి దిగడానికి ఒక రంధ్రం అదనం. వేడికీ తేమకూ ఆ పీయూ పొర కొన్నేళ్లకు జిగురెక్కి పొట్టులా రాలడం పాత బ్యాగులున్నవాళ్లకు కొత్త కాదు. సైకిల్ మెసెంజర్ల బ్యాగుల్లో నీళ్లను ఆపింది పైగుడ్డ కాదు, లోపల విడిగా వేసి అంచు దగ్గర మాత్రమే కుట్టిన టార్పాలిన్ లాంటి వినైల్ లైనింగ్. కొనేముందు అడగాల్సింది దాని గురించే.

కరెంటు బిల్లు ఆదా అన్నది చదివి నవ్వొచ్చింది. రోజూ ఖాళీ ఫోన్‌ను గోడ ప్లగ్గు నుంచి నింపితే, నష్టాలతో కలిపి 25 వాట్-అవర్లు అనుకుందాం. 365 రోజులకు 9 యూనిట్లు. ఒకటిన్నర కిలోవాట్లు లాగే ఏసీ ఆరు గంటలు నడిస్తే అయిపోయే కరెంటు అది.

మరి ఈ బ్యాగులు ఎవరికీ పనికిరావా? రోజుల తరబడి ప్లగ్గు కనిపించని చోట మకాం వేసేవాళ్లకు ప్యానెల్ పనికొస్తుంది, అదీ బ్యాగు నుంచి ఊడదీసి ఎండలో పరిచే వీలుంటే. రోజువారీ తిరుగుడుకు ఇంట్లోనే నింపుకున్న 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ చాలు. అందులో 37 వాట్-అవర్లుంటాయి, నష్టాలు పోను ఫోన్ ఒకసారి నిండి ఇంకా మిగులుతుంది, మబ్బు పట్టినా సరే.

అయినా కొంటానంటే బ్యాటరీ విడిగా వచ్చేలా ఉందో లేదో ముందు చూడండి. విమానంలో పవర్‌బ్యాంక్ చెక్-ఇన్ సామానులో వెయ్యకూడదు, చేతి సామానులోనే ఉండాలి, 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. 2018 జనవరి నుంచి అమెరికాలో పెద్ద విమాన సంస్థలు బ్యాటరీ ఊడని స్మార్ట్ లగేజీని ఎక్కించుకోవడమే మానేశాయి. బ్యాటరీని లోపల పెట్టి కుట్టేసిన బ్యాగుతో వెళితే కౌంటర్ దగ్గర కత్తెర వెతుక్కోవాలి.