దస్తీకి లొంగని దొరకు

శ్రీయుత సీటు రిజర్వేషన్ దొరవారికి,

నల్లగొండ నుంచి ఒక ప్రయాణికుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. మీరు యూరప్‌లో క్షేమంగా, ఇంకా చెప్పాలంటే బాగా పుష్టిగా ఉన్నారని మొన్న వేసవిలో కళ్లారా చూసొచ్చాం.

మీకూ మాకూ పాత పరిచయమే. మా బస్టాండులో దేవరకొండ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి లోపల పడే దస్తీ, అదే చేతిరుమాలు, మీ అవతారమే కదా. దస్తీ పడిందంటే సీటు అయిపోయినట్టే. దస్తీ లేనివాళ్లు సంచి వేస్తారు, టవల్ వేస్తారు. ఒకాయన ఏకంగా చంకలోని పిల్లాణ్నే కిటికీలోంచి లోపలికి అందించాడు. రశీదు ఎవరూ అడగరు. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చి ఆడవాళ్ల టికెట్ జీరో అయింది గానీ, దస్తీ చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. అలాంటి ఊరివాళ్లం. టికెట్ వేరు, కూర్చోవడం వేరు అనే మీ సిద్ధాంతం మాకు ఒక పట్టాన ఎక్కలేదు.

మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉంటుంది. "రైలు పాస్ కొనుక్కోండి డాడీ, 33 దేశాలు, టికెట్ల టెన్షన్ ఉండదు" అంది. యూరప్ బయటివాళ్లకు 1959లో మొదలైన యూరైల్, అక్కడ ఉండేవాళ్లకు 1972లో వచ్చిన ఇంటర్‌రైల్. నాకూ మా ఆవిడకూ అరవై దాటాయి కాబట్టి పది శాతం తగ్గింపు. అమ్మాయికి మాత్రం ఒక తిరకాసు: తను ఉంటున్న దేశంలో ఆ పాస్ బయటికి పోయేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి మాత్రమే చెల్లుతుంది. నల్లగొండ నుంచి వచ్చిన తండ్రి జర్మనీ అంతా తిరగొచ్చు, జర్మనీలో పన్ను కట్టే కూతురు తిరగకూడదు. ఇందులో మీ చెయ్యి లేదు కనుక వదిలేస్తున్నాను.

పాస్ ఏమో మనసైన చోట దిగమంటుంది. వీసా కాగితాల్లో ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటామో ముందే రాసివ్వాలి. ఈ రెండింటి మధ్య సందు చూసుకుని మీరు దూరారు.

పారిస్ అనగానే ప్రత్యక్షమయ్యారు. ఫ్రాన్స్‌లో టీజీవీ అనే హైస్పీడ్ రైళ్లు, ఇటలీలో హైస్పీడ్ రైళ్లు, లండన్ పోయే యూరోస్టార్, స్పెయిన్‌లో దూరం పోయే రైళ్లు చాలా వరకు, ఇవన్నీ మీ జాగీరు. చేతిలో పాస్ ఉన్నా మీ దక్షిణ మీకు పడాల్సిందే. పైగా కొన్నింటిలో పాస్‌వాళ్లకని కొన్ని సీట్లే విడిగా పెడతారు. ఆ కోటా నిండాక మిగతా సీట్లు ఖాళీగా ఉన్నా మాకు సంబంధం లేదు.

మా ఆవిడ ఫోన్‌లో ఆ లెక్క చూసి అడిగింది: "గంత పైసలు వెట్టి పాస్ కొన్నంక మళ్ల కూసునేందుకు పైసలేందయ్యా? పెండ్లికి పిలిచి కుర్చీకి కిరాయి అడిగినట్టున్నది." మీరైనా ఆమెకు జవాబు రాయండి. నావల్ల కాలేదు.

నిజం చెప్పొద్దూ, జర్మనీలో మీరు కాస్త మర్యాదస్తులు. వేగంగా పోయే రైళ్లలో కూడా చాలావరకు మీరు ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు. సీటు దగ్గరి చిన్న తెర మీద ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా బుక్ అయిందో కనిపిస్తుంది. బుక్ చేసుకున్న మనిషి పావుగంటలోపు రాకపోతే హక్కు పోతుంది. మేం కూర్చున్న సీట్లవాళ్లు మాత్రం పద్నాలుగో నిమిషంలో రొప్పుతూ వచ్చారు. లేచాం. రాత్రి బండి విషయంలోనూ మీతో పేచీ లేదు. పడక కావాలంటే పడకకు డబ్బులివ్వాలి. సాయంత్రం ఎక్కి తెల్లారి దిగితే పాస్‌లో ఒక్క రోజే ఖర్చవుతుంది కూడా.

మీ గుట్టు రట్టయింది స్విట్జర్లాండ్‌లో. సెయింట్ మోరిట్జ్ నుంచి ఇటలీలోని తిరానోకు బెర్నినా లైను ఉంది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన దారి. నిటారు కొండలెక్కే రైళ్లకు వేసే పళ్ల పట్టా సాయం లేకుండా మామూలు పట్టాల మీదే 2,253 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగుతుంది. ఆ పట్టాల మీద పెద్ద అద్దాల బెర్నినా ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది. అందులో మీరు తప్పనిసరి. అవే పట్టాల మీద, అవే మంచుకొండల పక్కన, బ్రూసియోలో అదే గుండ్రటి వంతెన మీద చుట్టు తిరుగుతూ మామూలు ప్యాసింజర్ కూడా నడుస్తుంది. అందులో మీ ఊసే లేదు. అద్దాల బండిలో కిటికీలు తెరుచుకోవు. డబ్బిచ్చినవాళ్లు తీసే ఫొటోల్లో కొండతో పాటు వాళ్ల మొహాలూ పడతాయి. మా బండిలో కిటికీ కిందికి దించి చలిగాలి పీల్చుకుంటూ పోయాం. అల్ప్ గ్రూమ్ స్టేషన్‌లో ఎదురుగా మంచు కనిపిస్తే దిగిపోయాం, టీ తాగాం, తర్వాతి బండి ఎక్కాం. మీ సీటు నంబరు పట్టుకున్నవాళ్లు ఆ పని చేయగలరా? తిరానోలో ఆ రైలు చర్చి ముందు నుంచి, కార్ల పక్కనుంచి, అచ్చం రోడ్డు మీదే పోతుంది. "ఇది పల్లెవెలుగే" అని తేల్చేసింది మా ఆవిడ. అక్కడి నుంచి మిలాన్‌కు కూడా ప్రాంతీయ రైలే. మీరు లేరు.

మీరు ఎక్కువగా వేగం ఇంటి పక్కనే కాపురముంటారని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత వేగానికే దూరంగా నడిచాం. స్విట్జర్లాండ్‌లోనే గోటార్డ్ కొండల దగ్గర 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల సొరంగం ఉంది, అందులో పోతే చూసేది చీకటే. పాత కొండదారి బండెక్కితే రైలు కొండలోపల మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది కాబట్టి వాసెన్ ఊరి చర్చి మూడు ఎత్తుల్లో మూడుసార్లు కనిపిస్తుంది. బాసెల్ నుంచి స్ట్రాస్‌బర్గ్ దాకా ఫ్రాన్స్ ప్రాంతీయ రైలు గంటకు 200 కిలోమీటర్ల వేగం అందుకున్నా మీ పేరు ఎత్తలేదు. ఆ ఒక్క రైలు మీ పరువు ఎట్లా తీస్తోందో గమనించుకోండి.

పారిస్ మాత్రం పోలేదు. మీ కోటా కాళ్లు పట్టుకోవడం ఇష్టం లేక ఆగిపోయాం. దాని ఫలితం ఇక్కడ అనుభవిస్తున్నాం. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఐఫిల్ టవర్ ఫొటో అడుగుతున్నారు. వాసెన్ చర్చి చూపిస్తే, "ఇదేంది, మూడుసార్లు ఒకటే చూపిస్తున్నవ్?" అంటున్నారు.

ఇట్లు,
కిటికీ సీటు దానంతటదే దొరికిన ఒక నల్లగొండవాసి

తా.క. వచ్చే నెల తిరుపతి ప్రయాణం ఉంది. ఇద్దరికీ ఆర్‌ఏసీ వచ్చింది, అంటే సైడ్ లోయర్‌లో రాత్రంతా ఎదురెదురుగా కూర్చోవడమే. పైన రాసినవన్నీ మనసులో పెట్టుకోకుండా, చార్టు తయారయ్యేలోపు కన్ఫర్మ్ చేయించగలరు.